మూడోసారి నానబోసిన బియ్యం

లాసీ తల్లీ, నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతి అయ్యాక మళ్ళీ బడి ముఖం చూడలేదు. పాలాయన రాని రోజు కాలెండర్లో సున్నా చుట్టడం, ఎక్కడైనా సంతకం అడిగితే మెల్లగా పెట్టడం, అంతే నా రాత. నువ్వేమో సెలవులైపోయి వెళ్ళాక కూడా "అమ్మమ్మ చెప్పిన అరిసెల కథే కావాలి" అని మీ అమ్మ ప్రాణం తీస్తున్నావంట. ఫోన్లో చెబుదామంటే మీ నాన్న పక్కనే ఉంటారు. అల్లుడుగారి ముందు కథ చెప్పాలంటే నాకు సిగ్గు. అందుకని రాస్తున్నా. మీ అమ్మ చదువుతుంది, నువ్వు ఊఁ కొట్టు. తప్పులుంటే మీలో మీరు నవ్వుకోండి, ఇంకెవరికీ చూపించకండి.

దుప్పటి కప్పుకున్నావా? సరే.

అనగనగా బెల్లం వండే ఊరు ఒకటి ఉండేది. చెరుకు కోతలు మొదలైతే ఆ ఊళ్ళో గాలి కూడా తియ్యగా ఉండేది. ఆ ఊళ్ళో వరహాలు అనే అమ్మాయి ఉండేది. వాళ్ళాయన అప్పలకొండ బెల్లం పెనం దగ్గర పని చేసేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు. పేరు నూకరత్నం. పిలిచేది మాత్రం నూకి అని.

నూకి బొద్దుగా ఉండేది. బోలెడు మాటలు చెప్పేది. కానీ నడిచేది కాదు. తన ఈడు పిల్లలందరూ వీధిలో కోళ్ళ వెంట పరిగెడుతుంటే, నూకి గడపలో కూర్చుని "అదిగో కోడి, ఇటు కోడి" అని వాళ్ళకి దారి చూపించేది.

వీధిలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఓలమ్మ, ఇంకా నడవలేదా? కాళ్ళు ఎవరికైనా సూపించేవేటే?" అనేవారు.

ఆ ఊరికో పాడు అలవాటు ఉంది. ఎవరికైనా ఒక పేరు పెట్టారంటే అది ఇక వదలదు. చిన్నప్పుడెప్పుడో నిద్దట్లో పక్క తడిపిన మనిషిని, జుట్టు తెల్లబడ్డాక కూడా "తడిపక్క తాత" అనే పిలిచేవారు. మరి నా బిడ్డని కుంటిదంటే? ఆ పేరే మిగిలిపోతే? అదీ వరహాలు భయం. అన్నం ముందు కూర్చున్నా అదే, నీళ్ళకెళ్ళినా అదే.

ఒకనాడు మధ్యాహ్నం వరహాలు పెరట్లో కందులు చెరుగుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నూకి గోడ పట్టుకుని నిలబడింది. అప్పుడు గోడ వదిలేసింది. ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. ఇంకోటి కూడా వేసి, వచ్చి అమ్మ వీపు మీద పడింది. చేటలో కందులన్నీ నేలపాలు. వరహాలు ఏడ్చింది, నవ్వింది, చుట్టూ చూసింది. చూసినవాళ్ళెవరున్నారు? పెరటి గోడ మీద కాకి ఒక్కటే.

పిల్లలు అడుగులు వేస్తే అరిసెలు వండాలి కదా. కొత్తగుడ్డ పరిచి, అరిసెలు వరసగా పేర్చి, వాటి మీద పిల్లని నడిపించి, ఆ అరిసెలు ఇంటింటికీ పంచాలి. నీకూ చేశాం. నువ్వు నడవకుండా కూర్చుని ఒకటి కొరికేశావు.

అరిసెలంటే ముందు బియ్యం నానబోయాలి. ఆ సాయంత్రమే వరహాలు గున్నంలో, అంటే పెద్ద గిన్నెలో, బియ్యం పోసి నీళ్ళు పోసింది. అప్పుడు పొలం నుంచి అత్త సన్నెమ్మ వచ్చింది.

"ఏటే కోడలా, బియ్యం నానేసేవు?"

"నూకి నడిచింది అత్తా."

"ఎప్పుడు?"

"నువ్వు పొలంలో ఉన్నప్పుడు."

సన్నెమ్మ కొంగు దులిపి నడుముకి చుట్టింది. "అయితే ఊరంతటినీ పిలవాల్సిందే! షామియానా ఏయిద్దాం. డప్పులు పెట్టిద్దాం. నా ఆడబిడ్డలందరూ రావాల. నా మనవరాలంటే ఏటనుకున్నావు?"

అంతే, వరహాలుకి భయం పట్టుకుంది. కళ్ళు మూసుకుంటే షామియానా కనిపించేది. అందరూ చుట్టూ నిలబడ్డారు. డప్పులు ఆగాయి. మధ్యలో నూకి చతికిలబడి కోడిని చూపిస్తోంది. ఇంటికెళ్తూ ఒకరు "కుంటిది" అని అననే అన్నారు. అలా అనుకుని అనుకుని, మర్నాడు "నా నడుం పట్టేసింది అత్తా, ఇప్పుడొద్దు" అంది. మరి నానిన బియ్యం? నానిన బియ్యం ఆగదు, పులిసిపోతుంది. ఇంత మినప్పప్పు వేసి రుబ్బి అట్లు పోసేసింది.

ఆ తర్వాత రోజూ అదే పని. నూకిని గోడకి నిలబెట్టడం, ఎదురుగా చేతులు చాచడం, "నడు తల్లీ, నడు బంగారూ" అని బతిమాలడం. నూకి అమ్మ ముఖంలోకి చూసేది. చెయ్యి జారిపోతున్న కుండని చూస్తున్నట్టు ఉండేది అమ్మ ముఖం. అది చూస్తే నూకికి భయం వేసేది. భయం వేస్తే కూలబడేది. కూలబడితే అమ్మకి ఇంకా భయం వేసేది.

అప్పుడు అప్పలకొండ అన్నాడు. "ఎవర్నీ పిలవొద్దు వరాలూ. తలుపు దగ్గరకేసుకుని మన నలుగురం తిందాం. నడిస్తే మనమే చూస్తాం, నడవకపోతే మనమే చూస్తాం."

ఆ మాట బాగానే ఉంది అనుకుని వరహాలు రెండోసారి బియ్యం నానబోసింది. ఆ తర్వాత ఎదురింటి గవరమ్మ వదిన కరివేపాకు కోసం వచ్చింది. వచ్చింది కరివేపాకుకే గానీ కళ్ళు గున్నం మీద పడ్డాయి.

"ఎవరికీ సెప్పకుండా చేసుకుంటున్నారేటి? పిల్లగుంట కాళ్ళల్లో ఏదో ఉంది, అందుకే తలుపులేసుకున్నారంటారు. నేననను సుమీ. ఊరంటది."

పిలిస్తే ఒక భయం, పిలవకపోతే ఒక భయం. వరహాలు మళ్ళీ అట్లు పోసింది. బెల్లం పెనం దగ్గర తోటివాళ్ళు అప్పలకొండ కారియరు మూత తీసి "ఏటిరా కొండా, ఇయ్యాల కూడా అట్లేనా? మీ ఇంట్లో అన్నం వండడం మర్చిపోనారా?" అని నవ్వారు. "మా ఇంటిదానికి అట్లంటే ఇష్టం" అన్నాడు పాపం. ఇంటికొచ్చి కారియరు తనే కడిగి పెట్టాడు. అది చూసి వరహాలుకి ఇంకా బాధేసింది.

మూడోసారి ఎవరికీ చెప్పకుండా నానబోసింది. నానబోసి, ఆ గున్నం పక్కనే కూర్చుండిపోయింది. ఎవర్ని పిలవాలి? అత్తవైపు వాళ్ళనా, అమ్మవైపు వాళ్ళనా? ఒకరిని పిలిస్తే ఇంకొకరు అలుగుతారు. ఎంతసేపు ఆలోచించినా తల బరువెక్కిందే గానీ ఒక్క పేరూ తేలలేదు.

అప్పుడు విసిగిపోయి, మనుషుల సంగతి పక్కన పెట్టి పని సంగతి ఆలోచించింది. అరిసెలు ఒక్కదాని వల్ల అయ్యే వంట కాదు. తడి బియ్యం దంచడానికి ఒకరు కావాలి. పాకం చూడ్డానికి ఒకరు. పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఒకరు గరిటె తిప్పాలి. వేగిన అరిసె చల్లారేలోగా చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కడానికి ఒకరు. ఆ పనికి ఎంతమంది కావాలో అంతమందే చాలు. అంతకంటే ఒక్కరు ఎక్కువైనా ఊరికే నిలబడి చూస్తారు. ఊరికే చూసేవాళ్ళతోనే కదా తన భయం!

పొద్దున్నే అత్త దగ్గరికెళ్ళింది.

"అత్తా, షామియానా వద్దు. నీ చెయ్యి కావాలి. పాకం పట్టడం నాకు రాదు."

సన్నెమ్మ కోపంగా ఏదో అనబోయింది. పాకం అనేసరికి ముఖం విప్పారింది. "పాకమంటే ఆటలనుకున్నావేటి? లెగు, పొయ్యెలిగించు" అంది.

ఆ తర్వాత గవరమ్మ వదిన దగ్గరికెళ్ళింది. "వదినా, నూనె నొక్కడానికి మనిషి లేదు, వస్తావా?" అంది. "ఎవరెవరు వస్తన్నారు?" అంది గవరమ్మ. "నువ్వే" అంది వరహాలు. గవరమ్మ అప్పటికప్పుడు అరిసెల చెక్కలు పట్టుకుని వచ్చేసింది.

ఆ తర్వాత అప్పలకొండకి రోకలి ఇచ్చింది. "మగోడివి, రోకలి భలే పట్టేవురా" అంది వాళ్ళమ్మ. "అట్లు తప్పుతాయంటే ఊరంతటి పిండీ దంచుతాను" అన్నాడు.

పెరట్లో పొయ్యి వెలిగింది. నూకిని దూరంగా, వసారాలో చాప మీద కూర్చోబెట్టారు. ఇక ఎవరి పని వాళ్ళది. అప్పలకొండ దంచుతున్నాడు, వరహాలు జల్లిస్తోంది, గవరమ్మ నువ్వులు ఏరుతోంది. సన్నెమ్మ పాకం బొట్టు నీళ్ళలో వేసి వేలితో నొక్కి చూస్తోంది.

"అమ్మా, ఇంక దించేయొచ్చు" అన్నాడు అప్పలకొండ.

"నువ్వొండేది బెల్లంరా. ఇది అరిసెల పాకం. నోరు మూసుకుని దంచు."

"ఉండ కడుతోంది, దించు కోడలా!" అంది సన్నెమ్మ మరుక్షణంలోనే. వరహాలు మసిగుడ్డ కోసం పక్కకి తిరిగింది. తిరిగి, అలాగే ఆగిపోయింది.

చాప మీద నూకి లేదు. వసారా దిగి, పెరటి మధ్యలో, దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉంది. తియ్యటి వాసనకి ముక్కు ఎగబీలుస్తూ ఒక అడుగు వేసింది. పొయ్యి వైపు.

అరిస్తే ఉలిక్కిపడి పడుతుంది. పరిగెడితే భయపడి పడుతుంది. ఇటు మండుతున్న పొయ్యి, అటు బిడ్డ. రోజంతా కేకలు పెట్టే సన్నెమ్మ తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పలకొండ ఎత్తిన రోకలి ఎత్తినట్టే పట్టుకున్నాడు. గవరమ్మ నువ్వుల పళ్ళెంతో బొమ్మలా ఉండిపోయింది. పొయ్యి మీద పాకం గుబగుబలాడుతోంది. ఎవరూ దించలేదు.

నూకి ఊగింది. అందరి ఊపిరీ ఊగింది. ఇంకో అడుగు వేసింది.

అప్పుడు వరహాలు మెల్లగా కదిలి, పొయ్యికీ నూకికీ మధ్యన వీపు పొయ్యి వైపు పెట్టి నేల మీద కూర్చుంది. చేతులు చాచలేదు. నడు తల్లీ అనలేదు. వీపు సెగకి కాలుతోంది, కళ్ళు నీళ్ళతో నిండాయి. ఊరికే కూర్చుంది. నూకి మిగతా అడుగులన్నీ వేసుకుంటూ వచ్చి, అమ్మ ఒళ్ళో కూలబడి, "అరిసి" అంది.

అప్పుడు సన్నెమ్మ నోటి మీద చెయ్యి తీసింది. "పాకం ముదిరిపోనాది!" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకి కాకులన్నీ లేచిపోయాయి. వాళ్ళు నవ్వుకున్నారు, ఏడ్చారు, ముదిరిన పాకంలోనే పిండి కలిపారు. గవరమ్మ చెక్కల మధ్య నొక్కి నొక్కి చేతులు నొప్పెట్టి "ఇది అరిసా, ఇంటి పెంకా?" అంది. కొత్తగుడ్డ మీద పేర్చి, నాయనమ్మ వేలు పట్టించి నడిపిస్తే, ఒక్క అరిసె విరగలేదు.

భయం అంతటితో పోయిందా అంటే పోలేదు తల్లీ. అది అంత తేలిగ్గా పోదు. నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే వరహాలు అరిసెల పళ్ళెం ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేతి వేలు నూకికి ఇచ్చింది. చంకనెత్తుకోలేదు. వీధిలోకి నడిచింది. రెండు గుమ్మాలు దాటాక, నడివీధిలో, నూకి చతికిలబడింది.

అరుగు మీద పళ్ళు తోముకుంటున్న ముసలామె చూడనే చూసింది. "ఏటే వరాలూ, గుంట కూలబడిపోయింది?"

వరహాలుకి ఆ పాత భయమే మళ్ళీ వచ్చింది. నూకి ముఖంలోకి చూసింది, నూకి తన ముఖంలోకి చూస్తోంది. అప్పుడు వరహాలు చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, నడివీధిలో కూతురి పక్కనే తనూ చతికిలబడింది.

"అలిసిపోయింది పిన్నీ. మేం కాసేపు కూచుంటాం. నువ్వు నోరు కడుక్కుని రా, అరిసె తిందువు గాని. గట్టిగా ఉంటాది, పన్ను జాగర్త."

ముసలామె నోరు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. తల్లీ కూతురూ వీధిలో కూర్చుని కోళ్ళని చూస్తూ ఉన్నారు.

అరిసె చేరె పొరుగు నోటికి,
అడుగు చేరె వీధి బాటకి,
కథ చేరె కంచి కోటకి,
నువ్వు చేరు నిద్ర తోటకి.