డెబ్బై మూడు గీతల మద్దిచెట్టు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఓబులమ్మ. చీపుళ్ళు కట్టుకుంటూ చెప్పింది. ఆమె చెప్పినట్టే నేనూ చెబుతాను. ఒక్క పువ్వు ఎక్కువ వెయ్యను, ఒక్కటి తక్కువ వెయ్యను. మా పెదనాన్న కొడుకు తిరుపాలు కూడా ఈ కథ చెబుతుంటాడు. వాడి సంగతి ఆఖర్న చూద్దాం. ముందు కథ వినండి పిల్లలూ.

జంతువులు మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడిన రోజులవి. ఆ రోజుల్లో ఒక కొండ అడవి. కొండ నడుమున ఒక పెద్ద బండ. బండ కింద ఒక బొరియ. ఎంత వాన కురిసినా ఆ బొరియలోకి చుక్క నీరు దిగేది కాదు. అందులో సూదమ్మ అనే ముళ్ళపంది కాపురం ఉండేది. దాని మొగుడు ముళ్ళయ్య. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దది చీపిరి. దాని ముళ్ళు ఇంకా గట్టిపడలేదు, చీపురు పుల్లల్లా ఉండేవి. అందుకే ఆ పేరు. రెండోవాడు బుడ్డోడు.

ఒక ఏడు కార్చిచ్చు వచ్చింది. దుంపలు నేలలోనే మాడిపోయాయి. నాలుగు రోజులు చూసి, సూదమ్మ ఎలుగుబంటి భల్లయ్య దగ్గరికి వెళ్ళింది. భల్లయ్య గుహలో ఎండు ఇప్పపువ్వు గుట్టలుగా ఉంది.

"ఇస్తాను చెల్లెమ్మా, ఎందుకివ్వను!" అన్నాడు భల్లయ్య. "అరవై దొప్పలు పట్టుకెళ్ళు. డెబ్బై దొప్పలు తీర్చు. వచ్చే పూత నుంచి మూడేళ్ళు గడువు. ఆఖరి పున్నమి నాడు పొద్దుగూకేలోగా తీరకపోతే బొరియ నాది."

"బొరియ ఎందుకన్నా నీకు? నీ తలకాయ కూడా పట్టదు."

"నాకు కాదులే. నా పువ్వుకి," అన్నాడు భల్లయ్య. వాడి గుహ పైకప్పుకి నెర్ర ఉంది. వాన పడితే కారుతుంది. ఏటా సగం పువ్వు బూజు పట్టేది. అందుకే వాడి కన్ను ఆ బొరియ మీద ఎప్పట్నుంచో ఉంది.

సూదమ్మకి అది తెలుసు. తెలిసీ తాకట్టు పెట్టింది. పిల్లల కడుపులు వీపుకి అంటుకుపోయాయి మరి.

భల్లయ్య తన గుహ ముందున్న మద్దిచెట్టు మీద గోళ్ళతో డెబ్బై గీతలు గీశాడు. ఒక దొప్ప తీర్చినప్పుడల్లా సూదమ్మ ఒక గీతను పళ్ళతో కొరికి తీసెయ్యాలి. అదీ ఒప్పందం.

అప్పట్నుంచి ఆ ఇంటి తీరు ఎలా ఉండేదో చెబుతాను. పూత కాలంలో తెల్లారేసరికి అందరూ ఇప్పచెట్టు కింద ఉండేవాళ్ళు. రాలిన పువ్వు ఏరి, బండ మీద ఆరబెట్టి, ఆకుల్లో చుట్టి దాచేవాళ్ళు. ఏడాదికి ఇరవైనాలుగు దొప్పలు దాచితే ఇంకేం మిగిలేది కాదు. ప్రతి పున్నమికీ రెండు దొప్పలు కట్టేవాళ్ళు. ఒక్క పున్నమి తప్పలేదు.

"అమ్మా, ఒక్క పువ్వు తింటానే," అనేవాడు బుడ్డోడు.

"అవి మనవి కావురా. ఆ గీతలవి," అనేది సూదమ్మ.

వాళ్ళు తినేది దుంపలు. మెత్తటి నడిభాగం పిల్లలకి. చెక్కు ముళ్ళయ్యకి. ఆయనకి చెక్కే ఇష్టం, నిజంగానే ఇష్టం, త్యాగం ఏమీ లేదు. పక్క మీద ఆకులు పాతబడితే పారెయ్యకుండా ఎండలో దులిపి మళ్ళీ పరిచేవాళ్ళు. సందెవేళ తిండయ్యాక ఒక పాత దుప్పికొమ్ము బయటికి తీసేవాళ్ళు. దాన్ని తలా కాసేపు కొరికేవాళ్ళు. ముళ్ళయ్య తోక ముళ్ళు గలగలమని ఆడించేవాడు. పిల్లలు ఆ మోతకి గంతులేసేవాళ్ళు. సూదమ్మ గోడకి ఆనుకుని చూస్తూ కూర్చునేది. కడుపు నిండింది, పిల్లలు నవ్వుతున్నారు. ఇంతకంటే ఏం కావాలో దానికి తోచేది కాదు.

ఇది భల్లయ్యకి నచ్చలేదు. అప్పు తీరిపోతే బొరియ దక్కదు కదా.

మొదటి ఏడు ఒకరోజు భల్లయ్య ఒక పెద్ద ఏనుగు ఎముక ఈడ్చుకుంటూ వచ్చాడు.

"చెల్లెమ్మా, మీ కొమ్ము చూడు, పుల్లలా అరిగిపోయింది. ఇది తీసుకో. ఐదు గీతలు వేసుకుంటాను, అంతే."

సూదమ్మ ఎముక వాసన చూసింది. బాగుంది. నోరూరింది కూడా.

"ఈ కొమ్ము ఇంకా వస్తుందన్నా. ఇది అరిగాక చూద్దాం."

"మరీ ఇంత పిసినారితనమా?"

"పిసినారి దాచుకుని ఏడుస్తాడు. మేము కొరుక్కుని నవ్వుతున్నాం కదా," అంది సూదమ్మ. భల్లయ్య ఎముకను మళ్ళీ ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

రెండో ఏడు ముళ్ళయ్య అన్న బండయ్య, వదిన గుమ్మడమ్మ చుట్టపుచూపుగా వచ్చారు. గుమ్మడమ్మ అడుగు పెట్టగానే ముక్కు విరిచింది.

"ఏమ్మా సూదమ్మా, దుంపలేనా? మా ఇంట్లో కాకులకి వేస్తాం వీటిని."

"అయితే మీ కాకులు అదృష్టవంతులక్కా. ఇంకోటి వెయ్యనా?" అంది సూదమ్మ.

సూదమ్మకి ఆ మాట తగల్లేదు. ముళ్ళయ్యకి తగిలింది. అన్న ముందు తల తీసేసినట్టయింది. దుంపలకి వెళ్ళొస్తానని చెప్పి, నేరుగా భల్లయ్య దగ్గరికి వెళ్ళాడు. పది దొప్పల ఇప్పపువ్వు మోసుకొచ్చాడు. చుట్టాలు కూర్చుని మూడు దొప్పలు ఊదేశారు. "ఇప్పుడు ఇల్లులా ఉంది," అంది గుమ్మడమ్మ మూతి తుడుచుకుంటూ.

సూదమ్మ మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళి చూసింది. కొత్తగా పది గీతలు. చెట్టు గాయం ఇంకా పచ్చిగా ఉంది.

"ఏమయ్యా, నాతో ఒక్క మాట చెప్పొద్దా?"

"పరువే సూదమ్మా..." అన్నాడు ముళ్ళయ్య నేల చూస్తూ.

"మన పరువు తీసింది దుంపలు కాదు. ఈ గీతలు."

ఇంతే అంది. తెల్లారగానే మిగిలిన ఏడు దొప్పలు వీపుకెత్తుకుంది. చుట్టాలు చూస్తుండగానే భల్లయ్య గుహకి బయల్దేరింది. గుమ్మడమ్మ వెనకనుంచి, "మా నోటి ముందు కూడు తీసుకుపోతోందండీ!" అని అడవంతా వినబడేలా అరిచింది. సూదమ్మ చెవులు వేడెక్కాయి. ఐనా ఆగలేదు.

"విప్పని దొప్పలన్నా. ఏడు గీతలు తీసేస్తున్నాను."

"ఇచ్చింది వెనక్కి తీసుకునే ఆనవాయితీ లేదు," అన్నాడు భల్లయ్య.

"నిన్న నీ గుహలో తీపిగా ఉన్న పువ్వు, ఒక్క పూట మా ఇంట్లో ఉంటే చేదైపోయిందా?"

గుహ పక్క మడుగుకి నీళ్ళు తాగడానికి వచ్చిన జింకలు, కుందేళ్ళు కిసుక్కున నవ్వాయి. భల్లయ్య దొప్పలు తీసుకున్నాడు. సూదమ్మ ఏడు గీతలు కొరికింది. ఇంటికొచ్చేసరికి చుట్టాలు వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ముళ్ళయ్య కొన్నాళ్ళు తలెత్తలేదు. తర్వాత ఒక సందెవేళ తనంతట తనే కొమ్ము తీసి, ముందు సూదమ్మ చేతికిచ్చాడు.

కానీ తిన్న మూడు దొప్పలు తిన్నట్టే కదా. డెబ్బై కాస్తా డెబ్బై మూడయింది. మూడేళ్ళకి ముప్పై ఆరు పున్నములు. పున్నమికి రెండు. వేళ్ళ మీద లెక్కేసుకోండి, డెబ్బై రెండే.

ఆఖరి పున్నమి వచ్చింది. సూదమ్మ దగ్గరున్న రెండు దొప్పలూ ఇచ్చేసింది. చెట్టు మీద ఒక్క గీత మిగిలింది. కొత్త పూత ఇంకా మొగ్గల్లో ఉంది. ఇంట్లో ఒక్క పువ్వు లేదు.

భల్లయ్య గొంతు తేనె చేసుకున్నాడు.

"పోనీలే చెల్లెమ్మా. మూడేళ్ళు కష్టపడ్డావు. ఆ ఒక్కటీ నేను వదిలేస్తాను. బొరియలో ఒక మూల నాకివ్వు. నా పువ్వు దాచుకుంటాను. ఎంత చోటు? జానెడు."

ముళ్ళయ్య ముఖం వెలిగింది. "ఒప్పేసుకో," అన్నాడు చిన్నగా.

సూదమ్మకీ ఒప్పుకోవాలనే ఉంది. ఒళ్ళు అలిసిపోయింది. జానెడు మూల ఎంతలో పని! కానీ మనసులో ఆ మూలని ఒకసారి చూసుకుంది. అందులో భల్లయ్య పువ్వు. పువ్వు చూసుకోవడానికి రోజూ వచ్చే భల్లయ్య. చెయ్యి లోపలికి పెట్టి, నిద్రపోతున్న పిల్లల్ని "జరగండి" అనే భల్లయ్య.

"వద్దన్నా," అంది. "ఒక్క దొప్పే కదా, ఇచ్చేస్తాను. పొద్దుగూకేదాకా గడువుంది."

"ఎక్కడ తెస్తావు?"

"తెచ్చాక చూద్దువుగానీ."

ఏటి ఒడ్డున ఉడతవ్వ ఉంటుంది. ముసలిది. పళ్ళూడిపోయాయి. తొర్రనిండా గట్టి కాయలున్నాయి, పగలగొట్టే దిక్కు లేదు.

"అవ్వా, నీ కాయలు మేము కొరికి పెడతాం. ఒక దొప్ప పువ్వు ఇస్తావా?"

"మొత్తం కొరకాలి. ఒక్కటి మిగిలినా దొప్ప ఇవ్వను," అంది అవ్వ. అదీ పనంటే. నాకు ఆ ముసలిదంటే గౌరవం.

నలుగురూ కూర్చున్నారు. కటకట, కటకట. ముళ్ళయ్య అందరికంటే వేగంగా కొరికాడు, ఒక్కసారి తలెత్తలేదు. దవడలు నొప్పెట్టాయి. బుడ్డోడు మధ్యలో ఏడ్చి, ఏడుస్తూనే కొరికాడు. పొద్దు వాలేసరికి తొర్ర ఖాళీ. అవ్వ ప్రతి కాయా తిప్పి చూసి దొప్ప ఇచ్చింది. పిల్లలిద్దరికీ చెరో పువ్వు విడిగా చేతిలో పెట్టింది.

మద్దిచెట్టు దగ్గర భల్లయ్య ఆ దొప్ప తీసుకుని గట్టిగా కుదిపాడు. పువ్వు అణిగింది.

"వెలితిగా ఉంది. ఒప్పుకోను."

బుడ్డోడు తన పువ్వు తెచ్చి దొప్పలో వేశాడు. "ఇంకా వెలితే," అన్నాడు భల్లయ్య. చీపిరి గబగబా వచ్చి, బుగ్గలోంచి పువ్వు తీసి పైన పెట్టింది.

"నమల్లేదు మామా. చప్పరించానంతే."

చెట్ల మీద కోతులు పడీ పడీ నవ్వాయి. దొప్ప నిండింది. భల్లయ్య ఏం చేస్తాడు? పక్కకి జరిగాడు. సూదమ్మ ఆఖరి గీతని కొరికింది. తొందరపడలేదు. నెమ్మదిగా, నున్నగా, చెట్టుకి నొప్పి తెలియనట్టు కొరికింది.

ఇంటికొచ్చారు. దుంపలే తిన్నారు. కొమ్మే కొరికారు. తర్వాత సూదమ్మ లేచి, బొరియ వెనక గోడని ముందుకాళ్ళతో తవ్వడం మొదలెట్టింది. తాకట్టులో ఉన్న ఇంటి గోడకి గోరు తగలకూడదని భల్లయ్య షరతు. మూడేళ్ళు అది గోడని ముట్టుకోలేదు.

"ఎందుకే ఇప్పుడు? చోటు చాలట్లేదా?" అన్నాడు ముళ్ళయ్య.

"చాలుతోంది."

"మరి?"

"ఊరికే," అంది సూదమ్మ. రెండు దోసిళ్ళ మట్టి తీసి, చేతులు దులుపుకుని, వచ్చి పిల్లల మధ్య పడుకుంది.

ఇదీ కథ. మా తిరుపాలు ఏం చెబుతాడో తెలుసా? ఎలుగుబంటి జాలిపడి ఆఖరి దొప్ప వదిలేసిందట! వాడికి జరిగింది తెలుసు. ఓబులమ్మత్త చెప్పినప్పుడు నా పక్కనే కూర్చున్నాడు. తెలిసీ మార్చాడు. నేను వెళ్ళి చెప్పను, వాడి గడప తొక్కి పదకొండేళ్ళయింది. మీలో చదువుకున్న పిల్లలెవరైనా వెళ్ళండి. వెళ్ళి, ఎవరూ ఏమీ వదల్లేదని, డెబ్బై మూడో గీత కూడా సూదమ్మే కొరికిందని వాడి చేత పదిమందిలో చెప్పించండి.

నీతి: ఉన్నదానితో సంతోషంగా బతుకుతూ బాకీ అంతా తీర్చినవాళ్ళకే ఇల్లు పూర్తిగా సొంతమవుతుంది.