అష్టావధానిగారి మాక్రో లెన్సు

భీమిలికి కాస్త ఎడంగా, పడవలవాళ్ళు లంగరు వెయ్యడానికి జంకే రాళ్ళగుట్ట ఒకటి సముద్రంలో మునిగి ఉంది. ఆ గుట్ట అడుగున ఒక రాతి నెర్రెలో పోలమ్మ కొట్టు. పోలమ్మ రొయ్య. ఒళ్ళు వేలెడంత, మీసాలు మాత్రం ఒంటికి రెండింతలు, తెల్లగా మెరుస్తూ ఉంటాయి. వచ్చిన చేపల పళ్ళసందులు శుభ్రం చెయ్యడం, మొప్పల్లో పురుగులు ఏరడం ఆవిడ పని. మీసాలు అటూ ఇటూ ఊపిందంటే కొట్టు తెరిచిందని లెక్క. అది చూసి ఎంత పెద్ద చేపైనా వచ్చి, బుద్ధిగా నోరు తెరుచుకుని నిలబడాల్సిందే.

కొట్టు ముందు ఎర్రనాచు గట్టు ఒకటి ఉంది. ఆ గట్టు లోపల ఎవరూ ఎవర్నీ తినకూడదు. అది అక్కడి కట్టుబాటు, తాతల నాటిది. గట్టు దాటితే ఎవరి ఆకలి వాళ్ళది.

ఈ కథ జరిగిన రోజున పోలమ్మ మనసు మనసులో లేదు. పొట్టకింద గుడ్లు పండిపోయాయి. పొద్దు వాలి, నీళ్ళు తీసే వేళకి వాటిని పగలనిచ్చి సముద్రంలోకి వెనక్కి లాగే పాటు మీద వదిలెయ్యాలి. అప్పుడే పిల్లలు రాళ్ళ మధ్య చిక్కుకోకుండా నడిసముద్రానికి పోతాయి. ఆ వేళ దాటిందా, పొట్టకిందే చచ్చిపోతాయి. దానికి గట్టు ఎక్కాలి. ఎక్కుదామా అంటే అవతల అష్టావధాని కాచుకుని కూర్చున్నాడు.

అష్టావధాని ఆక్టోపస్. ఎనిమిది చేతులతో ఎనిమిది పనులు ఒకేసారి చెయ్యగలనని ఆయన నమ్మకం. ఆ పేరు కూడా ఆయన పెట్టుకున్నదే. ఈమధ్య డైవింగుకి వచ్చిన పెద్దమనిషి ఒకడు యాక్షన్ కెమెరా, దానికి తగిలించే అద్దాల సంచీ, ఒక టార్చిలైటూ పారేసుకుని పోయాడు. అవి అష్టావధాని చేతిలో పడ్డాయి. బ్యాటరీ అన్నాళ్ళు ఎలా ఉందని నన్నడక్కండి, రొయ్య మాట్లాడుతుంటే నోరెత్తని వాళ్ళకి బ్యాటరీ దగ్గర అనుమానం రాకూడదు.

కెమెరా దొరికిన దగ్గర్నుంచీ అష్టావధాని వేట సులువైపోయింది. గట్టు లోపల తినకూడదు కాబట్టి, "ఫోటో తీస్తాను, బయటికి రండి" అంటాడు. ఫోటో అనగానే ఎంతటివాళ్ళకైనా ఒళ్ళు మరుపు వస్తుంది. వచ్చినవాళ్ళు మళ్ళీ కొట్టుకి రాలేదు.

"పోలమ్మా, రావేం?" అన్నాడు గట్టు అవతలి ఇసకమీద నుంచి. "వెలుగు ఇక్కడ దివ్యంగా ఉంది. గట్టు దాటి రెండడుగులు వస్తే చాలు."

శంఖంలో కాపురం ఉండే గురయ్య అనే పీత పక్కసందులోంచి గుసగుసలాడాడు. "ఎల్లకు అప్పా. నిన్న మా మావ ఫోటోకని ఎల్లాడు. డిప్ప మిగిలింది."

"ఆ మాట నాకూ బాధగానే ఉందయ్యా గురయ్యా," అన్నాడు అష్టావధాని, అంత చిన్న మాటా వినేసి. "చివర్లో కదిలిపోయాడు. ఫోటో మసగ్గా వచ్చింది."

పోలమ్మ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. కొట్టు లోపలికీ, గుమ్మానికీ తిరుగుతోంది. మధ్యాహ్నం కొర్లయ్య వచ్చాడు కూడా. కొర్లయ్య రాళ్ళ సందుల్లో ఉండే పాముచేప. మనిషి చెయ్యంత లావు, నోటినిండా సూదిపళ్ళు. ఆక్టోపస్ అంటే వాడికి పండగభోజనం. కానీ ఏం లాభం? అష్టావధాని కెమెరా వెనక బొమ్మ కనబడే చిన్న తెరలో వాణ్ణి దూరాన్నే కనిపెట్టాడు. ఆ కెమెరా కన్ను అలాంటిది, ఎదుట ఉన్న లోకాన్నంతా ఈ కొస నుంచి ఆ కొసదాకా చూపిస్తుంది. కొర్లయ్య వచ్చేసరికి వీడు సందులో దూరి రాయి అడ్డం పెట్టుకున్నాడు. కొర్లయ్య కాసేపు రాయిని పొడిచి, విసుగొచ్చి, తన కలుగుకి పోయాడు. వీడు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఏటి చేస్తావిప్పుడు?" అన్నాడు గురయ్య.

"ఏటి చెయ్యాలో తోచక చస్తన్నాను. పొట్టలో కదుల్తన్నాయిరా, ఆగమంటే ఆగుతాయా?"

"కొర్లయ్యని పిలు. మీసాలు ఊపు."

"ఊపితే వస్తాడు. వస్తన్నట్టు ఈడికి ముందే తెలిసిపోద్ది. ఆ గాజుకన్నుకి కనపడందేదీ నేదు."

ఆ మాట అంటూనే పోలమ్మ ఆగిపోయింది. కనబడనిది ఒకటుంది. కెమెరా పారేసుకున్న ఆ పెద్దమనిషి చాలాసార్లు ఈ కొట్టుకే వచ్చేవాడు, ఆవిణ్ణి ఫోటో తియ్యడానికి. వట్టి కెమెరాతో తీసినన్నాళ్ళూ చుట్టుపక్కల చేప కదిలినా తల తిప్పేవాడు. మాక్రో లెన్సు అని ఒక మందపాటి అద్దం తగిలించాడంటే మాత్రం అయిపోయేది, ఇంక ఆవిడ ఒక్కర్తే లోకం. ఒకసారి చాపంత వెడల్పూ కొరడాలాంటి తోకా ఉన్న టేకుచేప అతని వీపు రాసుకుంటూ పోయినా చూసుకోలేదు. ఆ సంగతి గుర్తొచ్చి పోలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అవధానిగారూ! నన్ను ఫోటో తీస్తారు సరే, నేను కనిపిస్తానా అందులో?"

"కనిపించక?"

"ఇంతవరకూ తీసినవాళ్ళంతా కనిపించారా?"

అష్టావధాని మొహం రంగు మారింది. ఆక్టోపస్ కాబట్టి ఆ మార్పు ఒళ్ళంతా తెలిసింది. నిజం చెప్పాలంటే ఆయన తీసిన ఫోటోల్లో ఒక్కటీ పనికొచ్చేది కాదు. మూరెడు దూరంలో పెడితే పీత చుక్కలా పడేది. చుక్క బాగాలేదని దగ్గరికి జరిపితే ముద్దలా పడేది. ఆ కెమెరా కన్ను మూరెడుకన్నా దగ్గరున్నదాన్ని చూడలేదు. తిండి దొరుకుతున్నా, ఆ దిగులు ఆయన్ని లోపల తినేస్తోంది. ఎన్ని పీతల్ని మింగినా తీరే దిగులు కాదది.

"నా గుడ్లు చూశారా?" అంది పోలమ్మ, పొట్ట కొంచెం తిప్పి. "పండాయి. ఒక్కో గుడ్డులో పిల్లకి రెండేసి కళ్ళు కనబడతన్నాయి. నల్లగా, చుక్కల్లాగ. ఆ పెద్దమనిషి ఈ రోజుకోసమే ఇన్నాళ్ళు తిరిగాడు. పాపం, ఆయనకి దక్కలేదు."

పిల్లల పేరు నోటితో అంటూంటే పోలమ్మకి లోపల కోసేసినట్టయింది. అయినా అంది.

"గుడ్డులో కళ్ళా?" అష్టావధాని ముందుకు వంగాడు. "అది ఫోటోలో పడుతుందా?"

"ఉత్త కెమెరాకి పడదు. సంచీలో అద్దాలున్నాయి కదా?"

అష్టావధాని సంచీ కుమ్మరించాడు. ఆయన చెయ్యి ముందు ఎర్ర అద్దం మీదికి పోయింది.

"అది రంగు కోసమండి. లోతులో ఎరుపు చచ్చిపోద్ది కదా, దాన్ని తేవడానికి. దగ్గరగా టార్చి పెట్టుకున్నాక అదెందుకు? నేను కుంకంలో పడ్డట్టుంటాను."

"అయితే ఇది," అని ఒక పల్చటి అద్దం తగిలించాడు.

"అది జానెడు దూరానికి. నేను మొత్తం పడతాను, మీసాలతో సహా. ఫోటోకి మంచిదే. గుడ్డులో కళ్ళు మాత్రం రావు."

జానెడుకి సరిపెట్టుకుంటే ఇంకా వాడికి ఆవిడ వెనక ఉన్నది కాస్తో కూస్తో తెలుస్తుంది. అష్టావధాని అద్దాన్ని అటూ ఇటూ తిప్పాడు, పైకి చూశాడు, కిందకి చూశాడు. నీళ్ళు మెల్లగా వెనక్కి లాగడం మొదలైంది. గట్టుమీద ఎర్రనాచు సముద్రం వైపు వాలుతోంది.

"ఆ లావుది దేనికి?" అన్నాడు చివరికి.

"అదా? అది అందరికీ లొంగదు లెండి. బెత్తెడు దూరంలో పెట్టాలి. చిటికెడు ముందుకెళ్ళినా మసకే, చిటికెడు వెనక్కెళ్ళినా మసకే. చెయ్యి వణక్కూడదు. ఆ పెద్దమనిషికి రెండు చేతులే కదా, పాపం, కుదిరేది కాదు."

అంతే. అష్టావధాని లావు అద్దం పట్టుకుని కెమెరాకి బిగించేశాడు. రెండు చేతులతో కెమెరా పట్టుకున్నాడు. ఒక చేత్తో టార్చి. అల ఊపుకి కదలకుండా మిగతా చేతులన్నీ రాళ్ళకి అతికించాడు. గట్టు అవతలే, ఇసకమీదే. ఎందుకంటే ఫోటో అయిపోగానే చెయ్యాల్సిన పని ఆయనకి గుర్తుంది.

"రా మరి!"

గురయ్య శంఖంలోకి దూరిపోయి మూత వేసుకున్నాడు. పోలమ్మ గట్టు దాటింది. బెత్తెడు దూరంలో నిలబడింది. అంత దగ్గర్లో ఆక్టోపస్ నోట్లో ఉండే చిలకముక్కు కనిపిస్తుంది. అది చూడకుండా తల తిప్పుకుంది.

"మసగ్గా ఉంది," అన్నాడు.

"ఒక చిటికెడు దగ్గరికి... ఆ. టార్చి ఎదురుగా వద్దు, పక్కనుంచి పెట్టండి. నీళ్ళలో దుమ్మంతా మెరుస్తాది."

"ఇప్పుడు నీ ముక్కు కనిపిస్తోంది. గుడ్లు మసక."

"అదే దాని గుణం. ఒక్క పొరే తేటగా చూపిస్తాది. గుడ్లమీదికి గురి పెట్టండి. రెండో కన్ను మూసెయ్యండి, ఒక కన్ను తెరకి ఆనించండి."

"అబ్బ! గుడ్డు... తాటికాయంత ఉంది! కదలకు!"

"నేను కదలటం లేదు. మీరు ఊపిరి వదిలినప్పుడల్లా ఇసక లేస్తంది. బిగబట్టండి."

అష్టావధాని ఊపిరి బిగబట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత నిశ్చలంగా ఎప్పుడూ లేడు. ఒక కన్ను మూసుకుంది, రెండో కంటినిండా ఒకే ఒక్క గుడ్డు, ఆ గుడ్డులో రెండు నల్లటి చుక్కలు. చుక్కలు తప్ప మిగతా లోకమంతా కరిగిన వెన్నలా ఉంది.

పోలమ్మ మీసాలు ఊపడం మొదలుపెట్టింది.

"మీసాలెందుకు ఊపుతున్నావు?" అన్నాడు పళ్ళు లేని నోటితోనే పళ్ళు బిగించినట్టు.

"ఒళ్ళు నిలబెట్టుకోడానికండి. పాటు లాగేస్తంది. మీకు మీసాలు పడవు కదా ఫోటోలో?"

"పడవు. గుడ్లే పడుతున్నాయి. ఊపుకో."

దూరాన కలుగులోంచి కొర్లయ్య తల బయటికి వచ్చింది. కొట్టు తెరిచారనుకున్నాడు. మధ్యాహ్నం పళ్ళు శుభ్రం చేయించుకోలేదు, దవడ సలుపుతోంది. మెల్లగా రాళ్ళ పక్కనుంచి జారుతూ వస్తున్నాడు. పోలమ్మ వాణ్ణి ఓరకంట చూసింది. కెమెరాలోనూ వాడు పడ్డాడు, కానీ ఒక మూల ఏదో పచ్చటి మసక.

"వెనకేదో మసక కదులుతోంది," అన్నాడు అష్టావధాని.

పోలమ్మ ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు వీడు తెర మీంచి కన్ను తీస్తే అంతా అయిపోయినట్టే, తనూ, పొట్టకింద ఉన్నవీ. వెనక్కి ఉరికి గట్టు లోపల పడదామా అనిపించింది. ఉరికితే వీడు కన్ను తీసి చూస్తాడు.

"నాచండి," అంది. "ఈ అద్దంలో వెనకున్నదంతా అలాగే ఉంటాది. మీరు దాన్ని చూశారంటే గుడ్లు తప్పిపోతాయి. అదిగో, పిల్ల కన్ను తిప్పింది! చూశారా?"

"ఏదీ? ఏ గుడ్డు?"

"ఎడంపక్కది. ఇంకొంచెం... చిటికెడు..."

"ఆ! ఆ! దొరికింది! తేటగా ఉంది! ఇది కదా ఫోటో అంటే! పోలమ్మా, నువ్వు ధన్యురాలివి, నిన్ను తినడానికి నాకే మనసు..."

ఆ మాట పూర్తి కాలేదు. టార్చి గిరగిరా తిరుగుతూ పడిపోయింది. నల్ల సిరా ఒక్కసారి మేఘంలా లేచింది. ఆ చీకట్లో రాళ్ళకి అతికిన చేతులు ఒక్కొక్కటే పటపట ఊడుతున్న చప్పుడు వినిపించింది.

"గట్టు! గట్టు లోపల తినకూడదు!" అని అరిచాడు అష్టావధాని.

"గట్టు అవతలున్నావు బాబూ," అన్నాడు కొర్లయ్య, నోరు నిండా పెట్టుకుని. "చోటు నువ్వే చూసుకున్నావు కదా."

పోలమ్మ అది చూడ్డానికి ఆగలేదు. ఒక్క గెంతులో గట్టుమీదికి ఎక్కింది. పొట్ట కింద కాళ్ళు గబగబా ఆడించింది. గుడ్లు పగిలి, కళ్ళు తప్ప ఏమీ కనబడని పిల్లలు పాటు మీద పొగలాగ లేచి, సముద్రం వైపు సాగిపోయాయి. చివరి పిల్ల కూడా కనుమరుగయ్యాక ఆవిడ అక్కడే కూలబడింది. ఏడ్చిందో లేదో నీళ్ళలో ఎవరికి తెలుస్తుంది గానీ, ఏడ్చిందనే నేను అనుకుంటున్నాను.

సిరా తేరుకునేసరికి కొర్లయ్య కొట్టు గుమ్మంలో బుద్ధిగా నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏటి కొర్లయ్యా?" అంది పోలమ్మ లేస్తూ.

"పళ్ళసందులో ఏదో ఇరుక్కుందప్పా. ఒకటే సలుపు. చూస్తావేటి?"

పోలమ్మ వాడి దవడ మీదికి ఎక్కి తొంగిచూసింది. రెండు కోరపళ్ళ మధ్య అష్టావధాని చేతికొస ఒకటి ఇరుక్కుని, ఇంకా కెమెరా మీట నొక్కుతున్నట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది.

నీతి: ఎదుటివాణ్ణి మింగడానికి కన్ను ఆనించి గురిపెట్టినవాడికి, తన మీదికి వచ్చేది మసకగానే కనిపిస్తుంది.