వాకిలమ్మ మెడలో సీసపు బిళ్ళ

నెమలికోన కొండమీద, పాడుబడిన కోటలో, వాకిలమ్మ తన గుడి గడప బయటే కూర్చుని ఉంటుంది. ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. మెడలో బంగారం లేదు, సీసపు బిళ్ళ ఒక్కటే.

పూర్వం ఇక్కడ అమ్మ లోపలి గదిలోనే ఉండేది. వెన్నెలలా నవ్వే ఓబులమ్మ అనే ఆమె రోజూ కొండ కిందినుంచి అభిషేకానికి నీళ్ళు మోసేది. ఇంతలో కోటను ఏలడానికి కొత్త కిల్లాదారు వచ్చాడు. వస్తూనే బిళ్ళలు పోయించి అందరి మెడలకూ కట్టించాడు. ఇత్తడి బిళ్ళ ఉన్నవారు గుడిలోకి పోవచ్చు. సీసపు బిళ్ళ వారు, అంటే కూలీనాలీ జనం, గడప దాటరాదు. బిళ్ళే లేనివారికి కోటలోనే చోటు లేదు. ఎంత అన్యాయం! మొహం చూసి కాదు, మెడ చూసి పలకరించే రోజులొచ్చాయి.

ఓబులమ్మ అదీ పళ్ళబిగువున ఓర్చుకుంది. అప్పుడామెకు ఆడబిడ్డ పుట్టింది. బిడ్డను అమ్మ ఒడిలో పెట్టి పేరు పిలవడం అక్కడి ఆచారం. పొత్తిళ్ళతో వచ్చిన ఆమెను గడప దగ్గర బంట్రోతు ఆపాడు.

“యాడికి పోతాండావే? ముందు పిల్లకు సీసం కట్టు.”

“పేరైనా పెట్టుకోనీ అన్నా! పేరుకంటే ముందు బిళ్ళా?”

కిల్లాదారు అటే వచ్చాడు. ఓబులమ్మ కళ్ళు నిప్పులయ్యాయి. “బిళ్ళ లేకుంటే చోటు లేదంటివే దొరా! లోపలున్న అమ్మకేదీ బిళ్ళ? ఆమెనూ గెంటు!”

అతను పగలబడి నవ్వాడు. “అంతేనా? నీ పిల్లది నీ అమ్మకే వేస్తాలే!” అంటూ బంట్రోతు చేతిలోని సీసపు బిళ్ళ లాక్కుని, లోపలికి పోయి విగ్రహం మెడలో వేశాడు.

కొండ అదిరింది. రాతి అమ్మ పీఠం దిగింది. అందరూ చూస్తుండగానే గడప దాటి వచ్చి ఓబులమ్మ ఎదుట కూర్చుంది. సీసం కట్టినవారు లోపల ఉండరాదన్నది అతని ఆజ్ఞే కదా! తర్వాత ఏనుగులతో లాగించినా అమ్మ కదలలేదు, బిళ్ళ ఊడిరాలేదు. ఓబులమ్మ బిడ్డను ఆ ఒడిలో పడుకోబెట్టి, “చెంగలమ్మా!” అని కొండ మారుమోగేలా పిలిచింది.

నేటికీ తల్లులు ఇక్కడికి వచ్చి అలాగే గొంతెత్తి పేరు పిలుస్తారు. ఎవరి బిడ్డ, ఏ ఊరు అని ఎవరూ అడగరాదు. అలా పేరు పెట్టుకున్న పిల్లలు ఎవరిముందూ తల వంచరని నమ్మకం. మొన్నటి జాతరకు కొందరు పెద్దమనుషులు ప్రత్యేక దర్శనమంటూ చొక్కాలకు బ్యాడ్జీలు తగిలించుకుని దిగారు. సిగ్గనేది ఉండాలి కదా! వారిని ఎవరూ ఆపలేదు. జనాన్ని తప్పించి, దారి చూపించి, నేరుగా లోపలి గదిలోకే పంపారు. అక్కడ గబ్బిలాలు ఉన్నాయి. అమ్మ లేదు.