జాడల తిప్పన్న, నూటెనిమిది విస్తళ్ళు

"తిప్పన్నోయ్, రాణిగారు మన వీధిలోకి వస్తున్నారోయ్, చెప్పుల్లేకుండా నడిచొస్తున్నారోయ్" అని కుమ్మరి వీధి ఆ చివర నుంచి ఒక కేక వినబడింది.

వీధి ఈ చివర తిప్పన్న తన పాక ముందు గొంతుక్కూర్చుని ఒక కోడిపెట్టని విచారిస్తున్నాడు. గుడ్లు ఎవరో ఎత్తుకుపోయారని కోడిపెట్ట ఫిర్యాదు. తిప్పన్న చుట్టూ ఉన్న అడుగులన్నీ దారంతో కొలిచాడు, గడ్డిపరక వాసన చూశాడు, గోడ మీది తొండని మూడు ప్రశ్నలు అడిగాడు. చివరికి, నువ్వోసారి లేచి నిలబడమ్మా అన్నాడు. కోడిపెట్ట లేచింది. దాని కిందే ఆరు గుడ్లూ ఉన్నాయి. కేసు తేలిపోయింది.

ఉండండర్రా, రాజు లేకుండా కథేమిటి అని మీరు అడగకముందే నేనే చెప్తాను. ఒకానొకప్పుడు మేఘగిరి అనే రాజ్యాన్ని వజ్రబాహుడనే రాజు ఏలేవాడు. ఆయనకి సోమలేఖ అని ఒక రాణి, ఆ రాణికి ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలోనే ఈ జాడల తిప్పన్న. తప్పిపోయిన ఆవునీ, అలిగిపోయిన పిల్లినీ, దొంగలు తోలుకుపోయిన ఎద్దునీ వెతికి తేవడం ఆయన పని. జంతువుల కేసులు తప్ప ఇంకొకటి పట్టడు. అడుగు కనబడిన చోటల్లా, గాలికి చెరిగిపోకుండా దానిమీద ఒక మట్టి చట్టి బోర్లిస్తాడు. ఊళ్ళోవాళ్ళు పొద్దస్తమానం ఆ చట్టీలు కాలికి తగిలి పడుతూ తిట్టుకుంటూ ఉంటారు. ఆయనకి తోడు గవ్వ అని ఒక ఆడకుక్క. చిన్నప్పుడు కారం దంచే రోట్లో మూతి పెట్టి వాసన పోగొట్టుకుంది. జాడలు పట్టేవాడికి వాసన తెలియని కుక్క, అదీ వాళ్ళ వైభవం. నోరు మాత్రం ఊరంతటికీ సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా తిప్పన్న దగ్గర ఒక పద్ధతి ఉంది. జంతువు ఏ దిక్కుకి పోయిందని ఆయన ఎప్పుడూ అడగడు. దానికి దేనిమీద బెంగ అని అడుగుతాడు. ఎంత దూరం పోయినా ప్రాణి చివరికి బెంగ ఉన్న చోటే తేలుతుందని ఆయన నమ్మకం. ఇంతవరకూ అది తప్పలేదు.

సరే, రాణి వచ్చింది. కోడిపెట్ట పక్కనే మట్టిలో కూర్చుంది. ఆవిడ మూడో కొడుకు ఉదయకేతు సముద్రాలు చూసొస్తానని పడవెక్కి మూడేళ్ళు దాటింది. వెతకడానికి పెద్దవాడు వెళ్ళి మూడో సముద్రం దగ్గరే ఆగి, అక్కణ్ణుంచే తిరిగొచ్చాడు. అది కల్లు సముద్రం. ఎందుకాగాడో మీకు పెద్దయ్యాక తెలుస్తుంది. నడిపివాడు అయిదోదైన పెరుగు సముద్రం దాకా వెళ్ళాడు గానీ, పడవ గడ్డ పెరుగులో కూరుకుపోయి వెనక్కొచ్చాడు. అయితే అక్కడొక జాలరి అతనికి ఒక కబురు చెప్పాడు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఉన్నాడట. తన దీవికి వచ్చినవాళ్ళని ఏదో ఒక జంతువుగా మార్చేస్తాడట. మారిన నాడే మాట పోతుందట. మూడేళ్ళు నిండితే లోపలున్న మనిషి బుద్ధి కూడా పోతుందట. జాలరి లెక్కన అబ్బాయి ఆ దీవి చేరి మూడేళ్ళు నిండడానికి ఇంక పదే పది రోజులు.

రాణి ఏడవలేదు. "నువ్వు మనుషుల్ని వెతకవని విన్నాను తిప్పన్నా. మా అబ్బాయి ఇప్పుడు మనిషి కాడు. ఇంక నువ్వు కాదనకు" అంది.

ఆవిడ మూడేళ్ళుగా సరిగ్గా భోంచెయ్యడం లేదనీ, అన్నం కలుపుతుందనీ, ముద్ద చేతిలోనే ఆరిపోతుందనీ ఊరంతా చెప్పుకునేది. తిప్పన్న ఆవిడ చేతుల వంక చూసి ఎప్పటి ప్రశ్నే అడిగాడు. అబ్బాయికి దేనిమీద బెంగ తల్లీ అన్నాడు.

రాణి తన చేతుల వంకే చూసుకుంది. "అదే తెలియదు నాయనా. వెళ్ళేటప్పుడు నవ్వుతూ వెళ్ళాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నామీద వాడికి బెంగ ఉందో లేదో నాకు తెలియదు" అంది.

తిప్పన్నకి ఇంతవరకూ ఇలాంటి కేసు రాలేదు. అయినా సంచిలో చట్టీలు సర్దుకుని బయల్దేరాడు.

ఉప్పు సముద్రం ఒడ్డున ఒక తిమింగలం ఆయన్ని గుర్తుపట్టింది. నువ్వు నా బిడ్డని వెతికిచ్చావు, ఎక్కు అంది. ఉప్పు సముద్రం, చెరుకురసం సముద్రం దాటించింది. కల్లు సముద్రంలో మాత్రం కాస్త వంకరటింకరగా ఈదింది. నాలుగోది నెయ్యి సముద్రం. చలికాలం కాబట్టి పేరుకుని ఉంది, నడిచే దాటారు. గవ్వ నాకుతూ నడవడంవల్ల ఒక పూట ఆలస్యమైంది. పెరుగు సముద్రం దగ్గర ఒక గేదె కనబడింది. నువ్వు నా బిడ్డని వెతికిచ్చావు, ఎక్కు అంది. పాల సముద్రం దగ్గర ఒక హంస కనబడింది. నువ్వు నా బిడ్డని వెతికిచ్చావు, ఎక్కు అంది. పాలూ దాటించింది, ఆ తర్వాత మంచినీళ్ళ సముద్రమూ దాటించింది.

హంస మీద పోతుంటే గవ్వ ఒక మాట అంది. ఇంతమంది బిడ్డల్ని ఇన్ని ఇళ్ళకి చేర్చావు కదా, వాళ్ళందరూ బిడ్డని తీసుకుని తలుపేసుకుంటారు, నువ్వేమో ఎవరి అరుగు మీదో చద్దిమూట విప్పుకుంటావు, నీకేమీ అనిపించదా అంది. తిప్పన్న చద్దిమూట ముడి ఇంకాస్త బిగించాడు. 

దీవి చేరేసరికి ఆరు రోజులు అయిపోయాయి. కరాళుడంటే కోరలూ కొమ్ములూ ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే కళ్ళు ఉబ్బిపోయి, గడ్డం చిక్కులు పడిపోయి, గుమ్మంలో దిగాలుగా కూర్చుని ఉన్నాడు. తిప్పన్నని ఈగగా మార్చడానికి చెయ్యెత్తాడు గానీ, జంతువుల కేసులు చూస్తానన్న మాట చెవిన పడగానే ఆ చెయ్యి అలాగే దించేసి లోపలికి తీసుకెళ్ళాడు. లోపల బంగారు పంజరంలో ఒక చిలక ఉంది. కరాళుడి ప్రాణం ఆ చిలకలో ఉంది. మూడు వందల ఏళ్ళుగా దానిమ్మ గింజలు తింటూ బతికిన చిలక నాలుగు రోజులుగా ఒక్క గింజ ముట్టడం లేదు. అది చిక్కిపోతున్నకొద్దీ కరాళుడూ చిక్కిపోతున్నాడు.

తిప్పన్న చిలకని అటూ ఇటూ చూసి, రోగం పట్టుకోవాలంటే దీవిలో జంతువులన్నిటినీ విచారించాలి స్వామీ అన్నాడు. కరాళుడు సరే అన్నాడు.

దీవిలో నూటెనిమిది జంతువులున్నాయి. రాకుమారుడంటే సింహమే అయి ఉంటాడని తిప్పన్న మొదటి రోజంతా సింహం వెనక తిరిగి దండాలు పెట్టాడు. సాయంత్రానికి అది ఆయన తలపాగా నమిలేసింది. రెండోరోజు తెల్లగుర్రమేమో అనుకున్నాడు. అది తన్నిన తన్నుకి చట్టీలన్నీ పగిలిపోయాయి. "నీకు రాజుల పిచ్చి అన్నా. మాంత్రికుడికి రాకుమారుణ్ణి సింహం చెయ్యాలని ఏం పట్టింది" అని గవ్వ దులిపేసింది. తిప్పన్న సిగ్గుపడ్డాడు. నిజమే, జంతువుల దగ్గర ఎన్నడూ హోదా చూడనివాడు ఇక్కడ ఆ పొరపాటు చేశాడు.

ఇంక రెండు రోజులే ఉన్నాయి. ఆ రాత్రి తిప్పన్న చాలాసేపు ఆలోచించి, పొద్దున్నే కరాళుడి దగ్గరికెళ్ళి, చిలకకి దిష్టి తగిలింది స్వామీ, జంతువులన్నిటికీ పంక్తి వేసి సంతర్పణ చెయ్యాలి అన్నాడు. ప్రాణం మీదికొచ్చినవాడు ఏదైనా ఒప్పుకుంటాడు కదా. మంత్రంతో పప్పూ అన్నం, గుమ్మడికాయ పులుసు గంగాళాల్లో తయారయ్యాయి. వరసగా నూటెనిమిది విస్తళ్ళు పరిచారు. తిప్పన్న గరిటె పట్టుకుని కావాలనే మెల్లగా, చాలా మెల్లగా వడ్డించుకుంటూ పోయాడు.

మనలో పంక్తిలో కూర్చుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. చివరి ఆకుదాకా వడ్డన అయ్యేవరకూ ఎవరూ ముద్ద ఎత్తరు. చిన్నపిల్లలు ఆత్రపడి చెయ్యి పెడితే అమ్మ ఆ చేతిమీద ఒక్కటి వేస్తుంది. జంతువులకి ఆ దెబ్బ ఎవరు వేశారు? సింహం పప్పన్నమా అని మొహం చిట్లించి మరీ ఒక్క ముద్దలో తినేసింది. గుర్రం తినేసింది. కోతి తనదీ తిని పక్కవాడిదీ తినేసింది. విస్తరిలో పడటమే ఆలస్యం, గుటుక్కు, గుటుక్కు.

ఒక్క పందికొక్కు తినలేదు. బొద్దుగా, మట్టి కొట్టుకుపోయి, అంత అసహ్యమైన ప్రాణి ఇంకొకటి లేదు. ఆకు ముందు ముందుకాళ్ళు రెండూ దగ్గర పెట్టుకుని, మూతి కదిలిపోతున్నా ముట్టకుండా, పంక్తి చివరికేసి చూస్తూ కూర్చుంది. చివరి ఆకు ఒక తాబేలుది. ఆ తాబేలు ముందు అన్నం పడేదాకా పందికొక్కు చూసింది. తాబేలు కూడా తన ఆకు ముట్టకుండా తల బయటపెట్టి పంక్తంతా ఒకసారి చూసింది. అప్పుడు రెండూ ఒక్కసారే తినడం మొదలుపెట్టాయి.

తిప్పన్న చేతిలో గరిటె జారిపోయింది. ఒకరి కోసం వచ్చాడు, ఇద్దరు దొరికారు. లోపల ఇంకా మనిషి బుద్ధి మిగిలింది ఈ ఇద్దరికే.

దొరికారు సరే, మంత్రం విప్పేదెవరు? చిలక మెడ నులిమితే మాంత్రికుడు చచ్చి మంత్రం విడిపోతుందని గవ్వ అంది. తిప్పన్న ఏ ప్రాణికీ కీడు చెయ్యడు. పంజరం దగ్గరికెళ్ళి మెల్లగా, నీకు దేనిమీద బెంగ తల్లీ అని అడిగాడు.

చిలక కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఈ మాట అడిగినవాడు మూడు వందల ఏళ్ళలో నువ్వొక్కడివే అంది. ఒక తొర్రలో ముగ్గురం పుట్టాం, పొద్దున్నే గుంపుగా ఎగిరేవాళ్ళం, ఇప్పుడు ఎవరూ ఉండరని తెలుసు, అయినా మొన్న ఈ కిటికీ మీదుగా ఒక చిలకల గుంపు అరుస్తూ పోయింది, అప్పటినుంచి నాకు మెతుకు దిగడం లేదు అంది. పందికొక్కు, తాబేలు సంగతి తిప్పన్న చెప్పగానే, కరాళుణ్ణి పిలవమంది.

కరాళుడు వచ్చాడు. చిలక ఆయనతో సూటిగా చెప్పింది. "ఆ పందికొక్కునీ, ఆ తాబేలునీ మనుషుల్ని చెయ్యి. తర్వాత నీ చేత్తో ఈ తలుపు తియ్యి. అప్పుడు తింటాను. లేదంటే రేపటికి నేనూ ఉండను, నువ్వూ ఉండవు."

పాపం కరాళుడికి ఎటు చూసినా గొయ్యే. తలుపు తీస్తే ప్రాణం ఎగిరిపోతుంది, తియ్యకపోతే ఎండిపోతుంది. కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎగిరిపోయిన ప్రాణం వెంట పరిగెత్తొచ్చు గానీ ఎండిపోయిన ప్రాణాన్ని ఏం చేసుకుంటారు స్వామీ అని తిప్పన్న నచ్చచెప్పాడు. చివరికి కరాళుడు కమండలంలోని నీళ్ళు చల్లాడు. పందికొక్కు ఉన్నచోట ఉదయకేతు నిలబడ్డాడు. తాబేలు ఉన్నచోట పగడాల దీవి రాజుగారి అమ్మాయి కువలయ నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ మాటల్లేకుండా ఒకరికొకరు తోడుగా ఉన్నవాళ్ళు కదా, ఇప్పుడు మాటొచ్చాక ఏం మాట్లాడాలో తెలియలేదు.

మీ అమ్మగారు పంపారని తిప్పన్న చెప్పాడు. ఉదయకేతు గొంతు పెగుల్చుకుని మొట్టమొదట అడిగింది ఇదీ. "అమ్మ భోంచేస్తోందా?"

తిప్పన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. రాణికి తెలియనిది ఆయనకి తెలిసిపోయింది.

కరాళుడు పంజరం తలుపు తీశాడు. చిలక మాట తప్పలేదు, ఒక దానిమ్మ గింజ తిని మరీ ఎగిరింది. అయ్యో గద్దలుంటాయే, వాన వస్తుందే అని అరుచుకుంటూ కరాళుడు దాని వెనక పరిగెత్తాడు. మంత్రాలకి ఆయనకి మళ్ళీ తీరిక దొరకలేదు. చిలకకి ఒక గుంపు దొరికింది, అదెక్కడ వాలితే ఆయన అక్కడ కాపలా. ఇప్పటికీ చిలకల గుంపు కింద మెడ పైకెత్తుకుని పరిగెత్తే ముసలాయన ఎవరైనా కనబడితే దారివ్వండి.

హంస, గేదె, తిమింగలం అందరినీ వెనక్కి చేర్చాయి. తర్వాత ఉదయకేతుకీ కువలయకీ పెళ్ళయింది, అన్నలిద్దరూ రాజ్యం మాకొద్దంటే అతనే రాజై అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. అవన్నీ తీరిగ్గా జరిగిన సంగతులు. తిరిగొచ్చిన రోజు సంగతి చెప్పి ఆపుతాను.

రేవులోనే రాణి కొడుకుని పట్టుకుంది. ఏమీ అడగలేదు. నువ్వు భోంచేస్తున్నావా అని వాడే అడిగాడు, అప్పుడు ఏడ్చింది. కువలయ చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది. ముగ్గురూ అలాగే కోటలోకి నడిచారు.

తిప్పన్న ఎప్పటిలాగే సంచి భుజాన వేసుకుని, రా గవ్వా పోదాం అన్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో రాణి వెనక్కొచ్చింది. "ఎక్కడికి అన్నయ్యా? వడ్డన అవుతోంది" అంది. నేను వీధిలో మనిషిని తల్లీ అని ఆయన నసిగాడు. రాణి వినలేదు. రాజుగారు కాస్త జరిగి తన పక్కన పీట వేయించారు. గవ్వకి కూడా ఒక ఆకు వేశారు. సిగ్గుతో పెద్దవాడు అన్నం, నడిపివాడు పప్పు వడ్డించి, వాళ్ళూ వచ్చి కూర్చున్నారు.

 చివరి ఆకుదాకా వడ్డన అయ్యాక అందరూ ముద్ద ఎత్తారు. అందరికన్నా ముందు రాణి తల పైకెత్తి, వంటామెని పిలిచి, నాకు మారు వడ్డించమ్మా అంది.