అడ్డం పడుకున్న ఆవిర్లమ్మ

ఆవిర్లమ్మ గుట్టకు విచ్చేసిన భక్తులకు నమస్కారం. గోదావరి రేవులో పొద్దున్నే బయలుదేరే జీపు మిమ్మల్ని నల్లబండల గూడెం దగ్గర దింపుతుంది. అక్కడి నుండి నడకే. గైడు మీ అందరి చేతా చెప్పులు విప్పించి, తలా ఒక పిడికెడు బియ్యం చిన్న గుడ్డలో మూటగట్టి ఇస్తాడు. కాలికింద కనిపించే నల్లరాయి ఒకనాడు నిప్పుల ముద్దగా భూమిలోంచి పొంగి చల్లారిందని రాళ్ళను పరిశీలించేవారు చెబుతారు. పైన చల్లారింది గాని లోపల చల్లారలేదు. గుట్ట నెత్తిన పొగలు లేస్తుంటాయి, బురద కుతకుతలాడుతుంటుంది, గుండాల్లో నీళ్ళు ఎసరులా మరుగుతుంటాయి. చీకటి పడితే ఏది గట్టి నేలో ఏది పొంగే నేలో తెలియదు కనుక, పొద్దు గూకకముందే అందరూ దిగిపోవాలన్నది ఇక్కడి నియమం.

మీలో చాలామంది ముందుగా రేవులోని గంగమ్మ గుడికి వెళ్ళి, దర్శనమయ్యాక మర్నాడు పొద్దు గడవక ఇక్కడికి వస్తారని ఆవిర్లమ్మ దేవస్థాన కమిటీవారమైన మాకు తెలుసు. ఆ గుడికి తారు రోడ్డు ఉంది. ఏసీ బస్సులు వస్తాయి. లడ్డూ ప్రసాదం ఉంది, దానికి అట్టపెట్టె కూడా ఉంది. క్యూలో నిలబడ్డవారికి ఫ్యాన్లు పెట్టారట. పెట్టనివ్వండి. మాకు ఆ గుడిని చూస్తే కడుపుమంట లేదని రాస్తే మీరు నమ్ముతారేమో గాని, ఆవిర్లమ్మ క్షమించదు. ఎందుకు క్షమించదో ఈ పుస్తకం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

కొత్తగా వచ్చినవారు రెండు సంగతులు చూసి ఆశ్చర్యపోతారు. ఒకటి, ఏ కొండకైనా గైడు ముందు నడుస్తాడు, ఈ గుట్ట మీద మాత్రం అందరికంటే వెనక నడుస్తాడు. రెండు, ఏ గుడిలోనైనా అమ్మవారు నిలబడో కూర్చునో ఉంటుంది, మా అమ్మవారు దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే కథ.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గూడెం లేదు. గుట్టకు పడమటి దిక్కున మెట్ట ఊళ్ళు, తూర్పు దిక్కున గోదావరి రేవు. మెట్ట ఊళ్ళవారు పుణ్యస్నానానికైనా సరుకులు అమ్ముకోవడానికైనా ఈ గుట్ట దాటి రేవుకు పోవలసిందే. దాటించడానికి ఒకే ఒక కుటుంబం ఉండేది. వారు ఉత్తకాళ్ళతో నడిచి, అరికాలికి తగిలిన వేడిని బట్టి ఏ నేల మనిషిని మోస్తుందో, ఏ నేల మింగుతుందో చెప్పగలిగేవారు. నిన్న గట్టిగా ఉన్న చోటు ఇవాళ పొంగవచ్చు. అందుకని రోజూ పొద్దున్నే ఆ ఇంటివారిలో ఒకరు గుట్టంతా తిరిగి, చెడిన దారికి అడ్డంగా పచ్చి మోదుగకొమ్మ వేసి వచ్చేవారు. కొమ్మ అడ్డం ఉంటే ఆ దారి లేనట్టే. కొమ్మ లేకపోతే కళ్ళు మూసుకుని నడవవచ్చు. అంత నమ్మకం ఆ కొమ్మ మీద.

ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు ఓదెవ్వ, చిన్నకోడలు నీలవ్వ. మగవాళ్ళు రేవులో పడవ పనికి పోగా, దారి చూపే పని, మా మాటలో యారాండ్లయిన ఈ తోడికోడళ్ళిద్దరిదే అయింది. ఓదెవ్వకు గుట్ట కొట్టినపిండి. ఆమె ముందు నడిస్తే వెనకవాళ్ళు పరుగెత్తవలసి వచ్చేది. బాటసారులు మధ్యాహ్నానికే రేవు చేరి, చెమటలు తుడుచుకుంటూ దండం పెట్టేవారు. ఆ దండాలకు ఆమె బాగా అలవాటు పడింది.

నీలవ్వ వచ్చాక దండాలు చీలిపోయాయి. బాలింతలు, ముసలివాళ్ళు, నెత్తిన బరువున్నవాళ్ళు, అందరూ నీలవ్వ ఎప్పుడు పోతుందో కనుక్కుని ఆమె కోసం కాచుకునేవారు. ఆమెతో వెళ్ళినవారు రేవు చేరేసరికి పొద్దు వాలేది. అయినా నవ్వుకుంటూ దిగేవారు. ఒకసారి ఓదెవ్వ తయారై నిలబడి ఉండగానే, ఒక కోమటాయన, మేము నీలవ్వతో వస్తామమ్మా, నువ్వు పో, అన్నాడట. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ పూట నీలవ్వ నవ్వలేదు, తల దించుకుంది. అది ఓదెవ్వకు నవ్వినదానికంటే ఎక్కువ మండింది.

ఆనాటి నుండి ఓదెవ్వ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. నీలవ్వ వండిన కూరకు వంక పెట్టేది. నీలవ్వ మందుపెట్టి జనాన్ని తిప్పుకుంటున్నదని వాకిలి ఊడుస్తూ చీపురుకు చెప్పేది. అసలు నీలవ్వ గుట్ట మీద ఎలా నడుస్తుందో, ఏం చేస్తుందో ఒక్కనాడైనా వెంట వెళ్ళి చూసిందా అంటే చూడలేదు. అసూయపడేవారు ఎదుటివారికి వచ్చిన పేరునే చూస్తారు గాని పనిని చూడరు. ఓదెవ్వ చేసిన తప్పంతా అక్కడే ఉంది.

ఒకనాడు ఓదెవ్వ ఎప్పటిలాగే కొమ్మలు వేయడానికి బయలుదేరింది. నీలవ్వ ముందురోజే మెట్ట ఊళ్ళకు వెళ్ళి, బాటసారులను తీసుకుని దిగి రావలసి ఉంది. ఓదెవ్వ మోదుగకొమ్మల మోపుతో తిరుగుతూ గుట్ట నడుమ మలుపు దగ్గరకు వచ్చింది. అక్కడ నేల అరికాలికి చురుక్కుమంది. పైపెంకు పల్చబడింది. చేతిలో ఇంకా కొమ్మలున్నాయి. ఆమె కాసేపు నిలబడి, కొమ్మ వేయకుండా పక్కనున్న బండ ఎక్కి కూర్చుంది. నీలవ్వను చంపాలని ఆమె అనుకోలేదు. కాలు దిగబడి నాలుగు బొబ్బలు లేస్తే చాలు, నేల తెలియనిది దారేం చూపిస్తుందని జనమే అనుకుంటారు అనుకుంది. తాను చేసిందంటూ ఏమీ లేదు గదా, చేయనిదే గదా ఉన్నది అని మనసుకు చెప్పుకుంది.

పొద్దు నెత్తిమీదికి వచ్చేవేళ బాటసారులు మలుపు వైపు రావడం బండ మీది నుండి కనిపించింది. ముందు నీలవ్వ ఉంటుందనుకుని ఓదెవ్వ కళ్ళు చికిలించి చూసింది. ముందు నీలవ్వ లేదు. ఒక ముసలమ్మ ఉంది. నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నది. ఆ ఒరుగుడు నడక ఓదెవ్వ పుట్టినప్పటి నుండి చూసినదే. కూతురిని చూసి చాలాకాలమైందని, చెప్పాపెట్టకుండా బయలుదేరిన ఆమె కన్నతల్లి ఎల్లవ్వ. నీలవ్వ అందరికంటే వెనక, ఒక బాలింత మూట తన నెత్తిన పెట్టుకుని వస్తున్నది. జనం ఆమె కోసం ఎందుకు కాచుకుంటారో ఓదెవ్వకు అప్పుడు తెలిసింది. ఆమె వెనక నడుస్తుంది గనుక ఎవరూ వెనకబడరు. మెల్లగా నడిచేవారే ముందుంటారు.

ఓదెవ్వ ఆగమని అరిచింది. ఆవిరి బుసలో ఆ కేక ఎవరికీ వినబడలేదు. చుట్టూ తిరిగి పోయే వ్యవధి లేదు. ఆమె బండ దిగి, తానే ఏనాడూ ఎవరినీ కాలు పెట్టనివ్వని ఉడుకు నేల మీదుగా అడ్డంగా పరుగెత్తింది. మలుపులో దారి మీద, కొమ్మ ఉండవలసిన చోట, తానే అడ్డంగా పడిపోయింది. తల్లి రెండడుగుల అవతల ఆగిపోయింది. అదే క్షణంలో నేల పెంకు విరిగి ఓదెవ్వ కాళ్ళు మోకాళ్ళదాకా దిగబడ్డాయి. వెనక నుండి నీలవ్వ మూట పారేసి పరుగెత్తుకొచ్చి, కొంగు విసిరి, బాటసారులందరి చేతా పట్టించి బయటికి లాగింది. విరిగిన చోటు నుండి బురద కాదు, తేటనీళ్ళు సలసలా కాగుతూ పైకి వచ్చాయి. ఇవాళ మీరు బియ్యం మూట వేసే గుండం అదే.

ప్రాణం అడ్డం వేసి తల్లిని కాపాడుకుందని ఓదెవ్వ పేరు రెండు దిక్కులా మారుమోగింది. కొమ్మ ఏమైందని ఎవరో అడిగితే, గాలికి కొట్టుకుపోయిందేమోనని ఆమె అన్నది. అందరూ నమ్మారు. ఇంటికి వచ్చి దండాలు పెట్టారు. ఏ దండాల కోసం ఆమె కడుపు మండిందో ఆ దండాలన్నీ ఇప్పుడు ఆమె మంచం చుట్టూ ఉన్నాయి, ఒక్కటీ ఒంటికి పట్టలేదు. నీలవ్వ మాత్రం రోజూ పుండ్లకు పసరు కట్టేది. తల్లి ఎల్లవ్వ పక్కన కూర్చుని, నీ యారాలు బంగారం బిడ్డా అని పొద్దస్తమానం అంటూ ఉండేది. తల్లి నోటివెంట ఆ మాట వినడం కాలిన కాళ్ళకంటే కష్టమైంది.

ఒక మధ్యాహ్నం ఓదెవ్వకు కునుకు పట్టగా, కలలో నల్లటి ఆడమనిషి ఒకతె ఒళ్ళంతా ఆవిర్లు కక్కుతూ కనిపించింది. “నా గుట్ట తొక్కి అందరు నా చెల్లె గంగ తానకు పోతరు. నా తాన ఒక్కరు ఆగరు. దాన్ని చూసి నా కడుపు ఎన్నేండ్ల సంది ఉడుకుతున్నదో నీకెరుకనా?” అన్నది ఆ తల్లి. “ఉడుకును ఉత్తగ పోనియ్యకు, ఓదెవ్వా. పిడికెడు బియ్యం మూటగట్టి నా నీళ్ళల్ల వెయ్యి. ఎవరిని చూసి కడుపు మండుతదో వాళ్ళ పేరు నోటితోని చెప్పు. ఉడికినంక వాళ్ళతోని కలిసి తిను.”

నడవగలిగిన మొదటి రోజే ఓదెవ్వ బియ్యం మూట పట్టుకుని, నీలవ్వ భుజం ఆసరాతో కుంటుకుంటూ గుండం దగ్గరకు వెళ్ళింది. మొక్కు అని మాత్రం చెప్పింది. మూట నీళ్ళలో వదిలి, పేరు మనసులోనే అనుకుంది. నీలవ్వ ఊరికే కూర్చోలేక కొంగున ఉన్న కందగడ్డ, అదే చిలగడదుంప, ఒకటి అదే గుండంలో వేసింది. గడ్డ ఉడికింది. బియ్యం ఉడకలేదు. ఓదెవ్వ పెదవులు కదిలించి పేరు గొణిగింది. మూట విప్పి చూస్తే బియ్యం గింజకు గింజ రాళ్ళలా ఉన్నాయి. ఇక్కడ కూడా యారాలి గడ్డే ముందు ఉడకాలా అని ఆమెకు ఏడుపు వచ్చింది. మూట మళ్ళీ కట్టి నీళ్ళలో వదులుతూ, ఆ ఏడుపులోనే మాట బయటపెట్టింది.

“నీలవ్వా, కొమ్మ గాలికి పోలే. నేనే ఎయ్యలే. నీ మీద కుళ్ళుతోని ఎయ్యలే.”

నీలవ్వ కోపంతో లేచి పోతుందనుకున్నది ఓదెవ్వ. పోలేదు.

“నాకు ఆ దినమే అనుమానమొచ్చింది అక్కా. ఆ రోజు గాలే లేదు గద,” అన్నది నీలవ్వ. “నీ తీరుగ నేల నాకు ఇప్పటికీ తెల్వది. ముందుండి నడువాలంటే భయం. నువ్వేసిన కొమ్మల మీదనే భరోస పెట్టి ఎనక నడుస్తున్న. అది చూసి జనం నన్ను మంచిదంటరు. నిన్ను చూస్తే నాకెంత కుళ్ళో నీకేం తెల్సు?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వు ముందు ఎవరికి వచ్చిందో పెద్దలు చెప్పలేదు. మూట విప్పి చూసేసరికి బియ్యం మల్లెమొగ్గల్లా విచ్చుకుని ఉన్నాయి. కందగడ్డ నంజుకుని ఆ అన్నం ఇద్దరూ అక్కడే తిన్నారు. గుండం పక్కన, ఓదెవ్వ పడిన చోట, ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్న ఆడమనిషి ఆకారంలో నల్లరాయి తేలి ఉండడం అప్పుడే చూశారు. దానికి పసుపు పూసి, ఆవిర్లమ్మ అని పిలిచారు. కాళ్ళు పూర్తిగా నయం కాని ఓదెవ్వ ఆ తరువాత ఎన్నడూ పరుగున నడవలేదు. పొద్దున్నే నీలవ్వ చెయ్యి పట్టుకుని, వేడిని అరికాలితో చదవడం నేర్పింది. బాటసారులు వచ్చాక ఇద్దరూ వెనకే నడిచారు.

ఇప్పటికీ గైడులు తెల్లవారగానే జంటగా వెళ్ళి మోదుగకొమ్మలు వేస్తారు. ఒకరు కొమ్మ వేయని చోటును రెండవవారు తొక్కి చూసి గాని దిగిరారు. తరువాత యాత్రికులను ముందు నడిపించి తాము వెనక ఉంటారు. మీలో మెల్లగా నడిచేవారు ముందుండాలి, తొందరపడేవారు వారి అడుగును బట్టి నడవాలి. అమ్మవారిని దాటి అడుగు వేయకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. గుండం దగ్గర మూట వేసేటప్పుడు మీరు ఎవరిని చూసి ఓర్వలేకపోతున్నారో ఆ పేరు పైకి చెప్పాలి. గొణిగితే లాభం లేదని మా గైడు సమ్మయ్య ముందే హెచ్చరిస్తాడు. ఒకావిడ తనకు ఎవరి మీదా అసూయ లేదని సాయంత్రందాకా వాదించి, పచ్చి బియ్యంతోనే జీపెక్కింది. ఉడికిన అన్నంలో సగం ఇక్కడ తిని, సగం ఇంటికి తీసుకుపోయి ఆ పేరుగలవారితో పంచుకోవాలి. యారాండ్లు, పక్కపక్క దుకాణాలవారు, ఒకే ఆఫీసులో ప్రమోషన్ కోసం కాచుకున్నవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. కలిసి తిన్నవారి మంట చల్లారినట్టు మేము చూశాము.

మా దేవస్థాన కమిటీ కూడా ఏటా మాఘమాసంలో ఒక మూట వేస్తుంది. పేరు ఏమని చెబుతామో మీకు చెప్పనక్కరలేదు. ఆ అన్నం పట్టుకుని రేవుకు దిగి, గంగమ్మ గుడి అర్చకులు యజ్ఞేశ శర్మ గారికి ఇచ్చి వచ్చేవాళ్ళము. ఆయన మర్యాదగా తీసుకుని, మాకు లడ్డూలు ఇచ్చి పంపేవారు, అట్టపెట్టెలతో సహా. ఆ పెట్టెలు మోసుకుంటూ గుట్ట ఎక్కడం ఎంత బరువో అనుభవించినవారికి తెలుస్తుంది.

మొన్నటి మాఘంలో మేము దిగకముందే శర్మ గారు తామే జీపెక్కి వచ్చారు. చెప్పులు విప్పి, సమ్మయ్య దగ్గర బియ్యం మూట అడిగి తీసుకుని, ముసలితనం వల్ల అందరికంటే ముందు నడిచారు. గుండం దగ్గర కూర్చుని మూట నీళ్ళలో వదిలారు. పేరు చెప్పమని సమ్మయ్య అడిగాడు. మా అందరికీ వినబడేలా ఆయన, “ఆవిర్లమ్మ గుడి,” అన్నారు. తరువాత మా ముఖాలు చూసి, “మా దగ్గర జనం అమ్మవారి ముందు నిలబడేది రెప్పపాటు. మీ దగ్గర పొద్దంతా కూర్చుంటారయ్యా,” అన్నారు.

బియ్యం చక్కగా ఉడికింది. ఆ అన్నం ఆయనా మేమూ కలిసి తిన్నాము. లోకంలో ఉడికే ప్రతి కడుపునూ ఆవిర్లమ్మ తల్లి ఇలాగే అన్నంగా మార్చుగాక. మీరు వచ్చేటప్పుడు కాస్త ఉప్పు తెచ్చుకోండి, ఇక్కడ దొరకదు.