సుంకమ్మ కొడుకులు నిలువురాళ్ళ బావికి వెళ్ళారు

చిన్నకొట్టాలలో తెలివి ఎక్కడుంది అంటే ఊరంతా వెతకక్కర్లేదు, మొత్తం మా ఇంట్లోనే ఉంది అనేవాళ్ళు మద్దిలేటి, బజారి. ఇద్దరూ సుంకమ్మ కొడుకులు. ఊళ్ళో వాళ్ళు ఒకటి విని ఇంకొకటి చేస్తారు, మేం మాత్రం విన్నది విన్నట్టే చేస్తాం, తెలివంటే ఇంకేముంటుంది అని వాళ్ళ వాదన.

దానికి రుజువు కూడా చూపించేవాళ్ళు. ఒకసారి ఎద్దుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు పరగడుపున మందు పొయ్యమన్నాడు. ఎవరి పరగడుపో చెప్పలేదు. అంతే, మద్దిలేటి ముందురోజు నుంచే తిండి మానేసి, పొద్దున్నే కళ్ళు తిరుగుతుండగా లేచి, గడ్డి బాగా మేసి నెమరేస్తున్న ఎద్దుకు మందు పోశాడు. ఎద్దు బాగుపడింది. చూశారా మా తెలివి అని అన్నదమ్ములు ఊరంతా తిరిగి చెప్పుకున్నారు. ఇద్దరికీ పెళ్ళీడు దాటిపోతోంది. పిల్లనిచ్చే ధైర్యం మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు.

నిజానికి ఆ ఇంట్లో బుర్ర పనిచేసేది సుంకమ్మకు ఒక్కతికే. పొద్దున లేచింది మొదలు "అది కాదురా నాయనా, ఇది" అని కొడుకులకు చెప్పుకోవడంతోనే ఆమెకు సరిపోయేది. అలాంటి సుంకమ్మకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. మంచినీళ్ళు తాగినా పోలేదు, చక్కెర చప్పరించినా పోలేదు, ఊపిరి బిగబట్టినా పోలేదు. వారం దాటేసరికి మనిషి సగమైపోయింది. ముద్ద దిగదు, కునుకు పట్టదు. మాట మొదలుపెడితే సగంలో ఎక్కిలి వచ్చి తుంచేస్తుంది. అమ్మ ఇక దక్కదేమో అని కొడుకులిద్దరూ గొడ్లపాక వెనక కూర్చుని ఏడ్చారు. వాళ్ళ తెలివి సంగతి ఎలా ఉన్నా, తల్లంటే మాత్రం వాళ్ళకు ప్రాణం.

పక్కింటి ఈరమ్మవ్వ ఆ ఏడుపు విని వచ్చింది.

"ఏడిస్తే ఎక్కిళ్ళు పోతాయారా? నిలువురాళ్ళ గుట్టకాడ పాతబావి ఉండాది గదా, ఆడికి తీస్కపోండి. మా అత్తకు నడుమునొప్పి పోయింది ఆ బావికాడనే. దేవుని తావు, ఒట్టి చేతుల్తో పోవాకండి. పెద్దరాయిని కాగిలిచ్చుకోని బాధ చెప్పుకోవల్ల. ఎవురూ ముట్టని నీళ్ళు నెత్తిన పడవల్ల. కడాకు మనకు బాగా ఇష్టమైంది ఆడ వదిలేసి, ఎనక్కి సూడకుండా రావల్ల. వదిలినదాన్ని మళ్ళా ముట్టకూడదు."

ఇంకేముంది, అన్నదమ్ములు బండి కట్టారు. ఒట్టి చేతులతో పోకూడదు కదా, మద్దిలేటి రెండు చేతులతో రోకలి పట్టుకున్నాడు. బజారి ఒక చేత తెడ్డు, ఇంకో చేత చెంబు పట్టుకున్నాడు.

"రే, టెంకాయ, పూలు... ఇక్!" అంది సుంకమ్మ.

"టెంకాయ యాడ పట్టుకునేదిమా? సేతులు నిండిపాయె" అన్నాడు మద్దిలేటి.

సరే, చేతులు నిండాయి, మరి బండి ఎవరు తోలాలి? ఖాళీ చేతులు ఉన్నది సుంకమ్మకే. ఎక్కిళ్ళ మనిషి పగ్గాలు పట్టుకుని కూర్చుంది. ఎక్కిలి వచ్చినప్పుడల్లా పగ్గం గుంజుకునేది, ఎద్దులు ఆగిపోయేవి. మళ్ళీ అదిలించేది, నాలుగు అడుగులు పడేవి, మళ్ళీ ఎక్కిలి. వెనక వస్తున్న గొర్రెల మంద వాళ్ళను దాటి వెళ్ళిపోయింది. ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ దాటి వెళ్ళాడు. పొద్దున బయలుదేరిన వాళ్ళు గుట్ట చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

గుట్ట మీద మనిషికి రెండింతలు ఎత్తున్న రాళ్ళు నిటారుగా నిలబడి ఉన్నాయి. తుమ్మచెట్టు కింద మంచం వేసుకుని కాపలాదారు మాబు కునుకు తీస్తున్నాడు. పెద్దమనిషి, తెల్లగడ్డం. ఈ గుట్టకు వచ్చేదే పదిమంది, ఆ పదిమందిలో గొడవ చేసేవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. పాపం, ఆయన రోజులు అప్పటిదాకా బాగానే గడిచాయి.

"ఈ రాళ్ళు ఎవురు నిలబెట్టినారప్పా?" అని మద్దిలేటి ఆయన్ని లేపి అడిగాడు.

"పాతకాలమోళ్ళు. సచ్చినోళ్ళను కింద పూడ్చి పైన రాయి నిలబెట్టినారంట. మూడు వేల ఏండ్లాయెనంట."

"మూడు వేల ఏండ్ల నుంచి నిలబడే ఉండాయా? కాళ్ళు నొప్పి పుట్టవా? కాసేపు పండుకోబెట్టకూడదా?"

"రాళ్ళకు కాళ్ళేందప్పా!"

"అద్దో, ఆ మూలది పండుకునింది సూడు" అన్నాడు బజారి, పడిపోయిన రాయిని చూపిస్తూ. "అదొక్కటే తెలివైంది."

ఇంతలో మద్దిలేటి రోకలి పట్టుకునే పెద్దరాయి దగ్గరికి నడిచాడు. అక్కడ ప్రభుత్వం వారి బోర్డు ఉంది. బజారి ఐదో తరగతి దాకా చదువుకున్నాడు కాబట్టి కూడబలుక్కుని చదివాడు. రాళ్ళను తాకరాదు, తాకినవారు శిక్షార్హులు.

అన్నదమ్ములకు చెమటలు పట్టాయి. అవ్వ కౌగిలించుకోమంది, బోర్డు తాకొద్దంటోంది. రెండూ విన్నది విన్నట్టే చెయ్యాలి. సుంకమ్మ ఏదో సర్దిచెప్పబోయింది గానీ "రే, అది..." దగ్గరే ఎక్కిలి వచ్చింది. చాలాసేపు ఆలోచించాక మద్దిలేటి ముఖం వెలిగిపోయింది.

"మామా, నువ్వు గవర్నమెంటోనివి గదా. నువ్వు ముట్టొచ్చా?"

"నేను ముట్టొచ్చు. రోజూ తుడిసేది నేనే గదా" అన్నాడు మాబు, ఏం జరగబోతోందో తెలియక.

అంతే! ఇద్దరూ కలిసి మాబును లేపి, పొట్ట రాయికి ఆనేలా నిలబెట్టి, వెనక రోకలి అడ్డం పెట్టారు. "అమ్మా, నువ్వు ఈయప్పను కాగిలిచ్చుకో. ఈయప్ప రాయిని కాగిలిచ్చుకుంటాడు. నువ్వు రాయిని ముట్టినట్టూ కాదు, ఇడిసినట్టూ కాదు" అన్నాడు మద్దిలేటి.

"ఇడిసిపెట్టండప్పా! యాడినుంచి తగుల్కుంటిరి నాకు!" అని మాబు రాయికి ముఖం పెట్టి అరుస్తున్నాడు. సుంకమ్మ సిగ్గుతో చచ్చిపోతూ కొడుకులను ఆపబోయి రెండు చేతులూ చాచింది, కాలు జారి మాబు వీపు మీద పడింది, "ఇక్!" అంది.

"బాధ సెప్పుకునింది. రాయి ఇనింది" అని బజారి తృప్తిగా తలాడించాడు.

తర్వాత బావి. మెట్లబావి, పచ్చగా చల్లగా ఉంది, కానీ నీళ్ళనిండా కప్పలు. బజారి చివరి మెట్టు మీద చెంబుతో నిలబడిపోయాడు.

"అన్నా, ఎవురూ ముట్టని నీళ్ళు యాడుండాయి? కప్పలు ముట్టినాయి గదా."

"పైన నీళ్ళనే ముట్టింటాయి. అడుగు నీళ్ళు వాటికి యాడ అందుతాయి? పైనవి తోడి పారెయ్."

ఇంకేముంది, బజారి తెడ్డుతో తోడి మెట్ల మీద పోస్తున్నాడు. పోసిన నీళ్ళు మెట్ల మీది నుంచి జారి మళ్ళీ బావిలోకే పోతున్నాయి. ఎంత తోడినా బావి అంగుళం కూడా తగ్గలేదు.

"సూస్తివా మహిమ!" అని మద్దిలేటి ఒళ్ళు పులకరించి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. చేతుల్లో రోకలి ఉన్న సంగతి మర్చిపోయాడు. అది దభీమని బావిలో పడింది. నీళ్ళు తాడెత్తున లేచి, పై మెట్టు మీద కూర్చున్న సుంకమ్మ నెత్తిన పడ్డాయి.

"పడినాయి! నెత్తిన పడినాయి!" అని బజారి గంతులేశాడు.

"రోకలి ముట్టింది గదరా ఆ నీళ్ళను?"

"రోకలి ఎవురూ కాదన్నా, అది వస్తువు."

ఆ మాట మద్దిలేటికి ఎంతో నచ్చింది. తడిసి ముద్దైన సుంకమ్మ మాత్రం "ఇక్" అంది.

ఇక చివరిది, ఇష్టమైనది వదిలెయ్యడం. అన్నదమ్ములు గట్టు మీద కూర్చుని లోతుగా చర్చించారు.

"నాకు రొట్టెల్లోకి శెనక్కాయల ఊరుబిండి బాగా ఇష్టం" అన్నాడు బజారి.

"నాక్కూడా. అయితే ఊరుబిండి ఇష్టమా, దాన్ని సేసి పెట్టే మనిషి ఇష్టమా?"

బజారి ఆలోచించాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చుని రాత్రంతా విసిరింది ఎవరు, తిరునాళ్ళలో తప్పిపోతే చెప్పులు లేకుండా వెతికింది ఎవరు అన్నీ గుర్తొచ్చాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మే ఇష్టమన్నా" అన్నాడు.

ఆ మాట విని సుంకమ్మకు కూడా కడుపు నిండిపోయింది. ఎంత వెర్రివాళ్ళైనా నా బిడ్డలు బంగారం అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకుని చూసేసరికి కొడుకులిద్దరూ ఆమె కాళ్ళ మీద పడి ఉన్నారు.

"పోయొస్తాంమా. మా మీద కోపం పెట్టుకోవాకు. అంతా నీ ఎక్కిళ్ళ కోసమే."

"రే! నన్ను... ఇక్! ఈడ... ఇక్!"

వెనక్కి చూడకూడదు కదా. ఏడుస్తూనే బండెక్కి, ఏడుస్తూనే తోలుకుంటూ పోయారు. ఇప్పుడు పగ్గం గుంజేవాళ్ళు లేరు, ఎద్దులు చక్కగా నడిచాయి.

బండి గుట్ట దిగి కనపడకుండా పోయింది. సుంకమ్మకు మొదట భయమేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. చివరికి ఆ రెంటినీ పక్కకు తోసి కోపం వచ్చింది. కడుపున పుట్టిన కొడుకులను ఆమె గుక్క తిప్పుకోకుండా తిట్టింది. తిడుతున్న మనిషిని దూరం నుంచి చూస్తున్న మాబు గడ్డం నిమురుకున్నాడు.

"అక్కా, నీకు ఎక్కిళ్ళు పాయె గదా."

సుంకమ్మ ఆగి చూసుకుంది. నిజమే, పోయాయి. "పోతే పాయెలే గానీ, ముందు నన్ను ఇంటికాడ దించు నాయనా" అంది. ఈ కుటుంబం తన గుట్ట వదిలిపోతే చాలు అనుకున్న మాబు వెంటనే మోటార్ సైకిల్ తీశాడు.

ఇక్కడ ఇంటి దగ్గర ఈరమ్మవ్వ గుండెలు బాదుకుంటోంది. "అమ్మను వదిలేసొచ్చినారా! వంకాయో గుమ్మడికాయో వదలల్ల గానీ!"

"వంకాయ మాకు అంత ఇష్టం లేదవ్వా."

"పోయి తోలకరాండిరా!"

"మళ్ళా ముట్టకూడదని నువ్వే సెప్తివి గదా."

వీళ్ళతో లాభం లేదని అవ్వ ఎవరినైనా గుట్టకు పంపుదామని పరుగున బజారుకు పోయింది. ఆమె అటు మలుపు తిరగడం, ఇటు నుంచి మాబు మోటార్ సైకిల్ వచ్చి ఆగడం ఒకేసారి జరిగాయి. సుంకమ్మ దిగింది, మాబు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఏరా! తల్లిని గుట్ట మీద పారేసి వస్తారా? మీకు కండ్లు లేవా, మనసు లేదా?"

అన్నదమ్ములు నోరు తెరుచుకుని చూశారు. బజారి అన్న చెవిలో గుసగుసలాడాడు. "అచ్చం అమ్మ మాదిరే ఉంది గదన్నా."

"మాదిరి ఉండొచ్చు. కానీ మాయమ్మకు ఎక్కిళ్ళు ఉండాయి. ఈమెకు ఒక్కటన్నా వచ్చిందా? మాయమ్మను వదిలేసొచ్చినాం. ఈమె ఎవురో పరాయి ఊరామె."

అంతే, మద్దిలేటి మర్యాదగా చేతులు కట్టుకున్నాడు. "ఏ ఊరమ్మా మీది? ఎవురింటికి వచ్చినారు?"

సుంకమ్మ కొడుకుల ముఖాలు చూసింది. ఇద్దరి కళ్ళూ ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి, పొద్దుటి నుంచి తిండి లేక బుగ్గలు పీక్కుపోయాయి. ఆమె నాలుక మీద ఉన్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. వంటింట్లోకి వెళ్ళి, రొట్టెలు కాల్చి, గోంగూర పప్పు చేసి వడ్డించింది. అన్నదమ్ములు తింటూ ఏడ్చారు, ఏడుస్తూ తిన్నారు.

"అచ్చం మాయమ్మ సేతి వంటే. నీకు పిల్లలుండారామ్మా?" అన్నాడు బజారి.

"ఇద్దరు కొడుకులు."

"యాడుండారు?"

"నన్ను బావికాడ వదిలేసి, ఎనక్కి తిరిగి సూడకుండా వచ్చేసినారు నాయనా" అంది సుంకమ్మ. అంటుంటే ఆమెకు నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి.

మద్దిలేటి చేతిలో ముద్ద ఆగిపోయింది. బజారి పళ్ళు పటపటా కొరికాడు. కన్నతల్లిని, ఇంత మంచి తల్లిని, బావి దగ్గర వదిలేశారా? వాళ్ళసలు మనుషులేనా? ఇద్దరూ ఒక్క ఊపున లేచి, దూలానికి దోపిన దుడ్డుకర్రలు లాగారు.

"అట్లాంటి కొడుకులను ఇడిసిపెట్టకూడదమ్మా! కాళ్ళు ఇరగ్గొట్టి తెచ్చి నీ ముందర పడేస్తాం. వాండ్లు ఎట్లుంటారో గుర్తులు సెప్పు!"

సుంకమ్మ తల పట్టుకుంది. "పెద్దోడు నీ మాదిరే ఉంటాడు. సిన్నోడు వాని మాదిరే ఉంటాడు. ఇద్దరి మూతులకూ పప్పు అంటుకోని ఉంటాది."

మద్దిలేటి తమ్ముడి మూతి చూశాడు, తమ్ముడు అన్న మూతి చూశాడు. రెండింటికీ పప్పే.

"జాగర్తరా బజారీ" అన్నాడు మద్దిలేటి గొంతు తగ్గించి. "దావలో ఎవురన్నా సూసి మనమే ఆ దుర్మార్గులం అనుకుంటే మన పరువేం గావాల?"

అంతే, ఇద్దరూ తువ్వాళ్ళతో మూతులు శుభ్రంగా తుడుచుకుని, కర్రలు భుజాన వేసుకుని, ఆ కొడుకులను పట్టుకోవడానికి వీధిన పడి పరిగెత్తారు.