రాజుగారు చూసిన ముఖం

ప్రతాపసేనుడు ఏలే ఒకానొక రాజ్యంలో పట్టపుటేనుగు మెడలోని వెండిగంట పోయింది. మేడమీంచి దొంగను చూసింది సాక్షాత్తూ రాజుగారే. ఇక విచారణ ఏముంది? మావటి పెంటయ్యకు దేశబహిష్కారం పడింది.

విదూషకుడు బుచ్చన్నకు మాత్రం మనసొప్పలేదు. రాజుగారికి అరవై దాటాయి. బుచ్చన్నకూ అంతే, భుజం మీది కండువా కోసం ఇల్లంతా వెతికే రకం. అందుకే అతనికి అనుమానం. రాజుగారు మొదటిరోజు చెప్పినప్పుడు దొంగకు తలపాగా ఒక్కటే ఉంది. మర్నాటికి మీసం మొలిచింది. ఆ మర్నాటికి పెంటయ్య అన్న పేరే వచ్చేసింది. చెప్పినకొద్దీ గొంతూ గట్టిపడింది.

"ప్రభూ, ఆవేళ మేడమీద తమ పక్కనే ఉన్న వింజామర వీచే పిల్ల తనకు ముఖం కనబడలేదంటోంది గదా" అన్నాడు.

"చిన్నపిల్ల. చూపుంది గాని నిలకడ లేదు. మా జ్ఞాపకం వయసుతో పదునెక్కింది. మేము చూశామంటే చూసినట్టే."

"తమ మాటకు తిరుగేముంది. రేపటిదాకా ఆ పెంటయ్యను నాకు అప్పగించండి. పొలిమేర దాటించే ముందు నాలుగు నీతులు చెప్పి పంపుతాను."

రాజు సరేనన్నాడు.

మర్నాడు సభలో రాజుగారు తాంబూలం నములుతూ ఉండగా బుచ్చన్న లేచాడు.

"ప్రభూ, ఇప్పుడు తమకు తాంబూలం అందించిందెవరు?"

"ఇదేం ప్రశ్నయ్యా? రోజూ ఇచ్చే వీరాస్వామే. ముసలాడు, ఇవాళ చెయ్యి కూడా కాస్త వణికింది."

"ముఖం చూశారా?"

"చూడకేం. ప్రమాణం చేసి చెబుతాం."

"చెయ్యి వణికిన మాట నిజమే" అని బుచ్చన్న సైగ చేశాడు. వెండిపళ్ళెం పట్టుకున్న మనిషి ముందుకొచ్చి తలపాగా తీశాడు. పెంటయ్య.

మేడమీంచి గుర్తుపట్టిన మనిషిని రాజుగారు మూరెడు దూరంలో గుర్తుపట్టలేదు. సభలో ఎవరూ తలెత్తలేదు. రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. పెంటయ్యకు దారిలో తోడు దొరికినట్టే అనుకున్నాడు బుచ్చన్న. అయినా నోరు ఆగలేదు.

"ప్రభూ, నాదీ తమ వయసే. నిన్న గుమ్మంలో మా వియ్యంకుణ్ణి చూసి పాలవాడనుకుని చెంబు తెచ్చి ముందు పెట్టాను. పొరపాటు ఇద్దరిదీ ఒకటే. కాకపోతే నన్ను మా ఆవిడ అక్కడికక్కడే దిద్దుతుంది. తమరేమన్నా సభంతా అవునంటుంది. పాపం, తమ అనుమానానికి కూడా తమ దగ్గరికి రావాలంటే భయం."

రాజు పెంటయ్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తాంబూలం పొరబోయేదాకా నవ్వాడు. శిక్ష రద్దు చేసి, గంట సంగతి మొదటినుంచీ విచారించమన్నాడు. తెలియనిది తెలియదన్నందుకు వింజామర పిల్లకు కంకణమిచ్చాడు. బుచ్చన్నకు శాలువా కప్పి, "ఇకమీదట మమ్మల్ని దిద్దే కొలువు నీదేనయ్యా" అన్నాడు.

"ఆ కొలువు మా ఆవిడకిప్పించండి ప్రభూ" అన్నాడు బుచ్చన్న. "చెయ్యి తిరిగిన మనిషి. పైగా నాకూ కాస్త విశ్రాంతి."